వశిష్ఠకు ఈవలి గట్టు: కోనసీమ లేసు అల్లికలు, వాటి చరిత్రలో పేరులేని స్త్రీలు

మన సెమినరీలలో మిషనెరీల చరిత్ర చెప్పేటప్పుడు వారు కట్టిన మందిరాలు, బడులు, ఆసుపత్రులు, వారు చేసిన అనువాదాలు తప్పక ప్రస్తావనకు వస్తాయి. వారి ఇళ్ళ వరండాలలో మొదలై గోదావరి డెల్టాలో వేలాది ఇళ్ళకు పాకిన లేసు అల్లిక మాత్రం ఒకటి రెండు వాక్యాలతో సరిపోతుంది. ఆ వాక్యాలలో కూడా 'నరసాపురం లేసు' అనే మాటే కనబడుతుంది. వశిష్ఠ గోదావరికి ఈవల, రాజోలు, అమలాపురం ప్రాంతాల్లో తరతరాలుగా అదే అల్లిక అల్లిన స్త్రీల గురించి సంఘ చరిత్ర ఏమీ చెప్పదు. ఈ మౌనం ఎందుకు వచ్చిందో, దానిని ఎక్కడ వెదికి పూరించవచ్చునో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. మేము చూచినంతలో ఇందుకు రెండు కారణాలున్నాయి. ఒకటి, జిల్లాల సరిహద్దులు మారడం. రెండవది ఇంకా లోతైనది: ఈ పనిని 'పని' అని ఎవరూ అనకపోవడం. ఆ మాట అనని వారిలో సంఘం కూడా ఉన్నది.

మాధవాయిపాలెం రేవు

సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి వశిష్ఠను దాటితే దిగేది నరసాపురం పక్కనున్న మాధవాయిపాలెం రేవులో. ఈ ఊరి పేరును ఆంగ్లేయులు పలకలేక 'మదపోలం' అన్నారు. 17వ శతాబ్దంలో ఈస్టిండియా కంపెనీ ఇక్కడ ఫాక్టరీ పెట్టి బట్టలు కొనుగోలు చేసింది. ఇక్కడి నూలు బట్ట ఎంత ప్రసిద్ధి పొందిందంటే ఐరోపాలో ఒక రకం బట్టకు 'మదపోలం' అనే పేరే స్థిరపడింది. నేటికీ జవుళి నిఘంటువుల్లో ఆ మాట కనబడుతుంది. ఊరి పేరు బట్టకు ఎక్కింది గాని నేసినవారి పేరు ఒక్కటి కూడా ఎక్కలేదు. తరువాత రెండు శతాబ్దాలకు వచ్చిన లేసు విషయంలోనూ అదే జరిగింది.

నరసాపురంలో ప్రొటెస్టెంటు పరిచర్య ఆరంభం మన పాఠకులకు తెలిసినదే. ఆంథోనీ నోరిస్ గ్రోవ్స్ ప్రోత్సాహంతో ఇంగ్లండులోని డెవన్ ప్రాంతపు బార్న్‌స్టేపుల్ నుండి విలియం బౌడెన్, జార్జి బీర్ తమ భార్యలతో 1836లో వచ్చారు. మొదట మచిలీపట్నంలో ఉండి తరువాత నరసాపురం చేరారు. గోదావరి డెల్టా మిషను అని పిలువబడేది ఆ పరిచర్యే. దాని శతాబ్ది చరిత్రను ఇ.బి. బ్రామ్లీ 1937లో ప్రచురించారు. డెవన్ లేసుకు పేరుపొందిన సీమ అన్న సంగతిని మాత్రం మన చరిత్రకారులు అంతగా పట్టించుకోలేదు. హోనిటన్ లేసు అక్కడిదే. 1840లో విక్టోరియా రాణి పెళ్ళి దుస్తుల లేసును ఆ సీమలోని బీర్ అనే సముద్రతీర గ్రామపు స్త్రీలే అల్లారు. (ఆ ఊరి పేరూ మన మిషనెరీ ఇంటిపేరూ ఒకటే కావడం యాదృచ్ఛికం. దీని మీద సిద్ధాంతాలు కట్టవద్దని విద్యార్థులకు మనవి.) మన డెల్టాకు లేసు తెచ్చినది బౌడెన్, బీర్ దంపతులని మేము అనడం లేదు. మిషనెరీల భార్యలు వచ్చిన లోకంలో పేద ఆడపిల్లకు దారం, సూది చేతికివ్వడం సహజమైన ఆలోచన అని మాత్రమే మా భావం.

ఇక పరిపాలన సంగతి. 1859లో ఏర్పడిన గోదావరి జిల్లాలో వశిష్ఠకు రెండు గట్లూ ఉండేవి. అంతేకాదు, రాజోలు ఉన్న నగరం లంక నరసాపురం తాలూకాలోనే ఉండేది. 1904లో నరసాపురం తాలూకాను మరికొన్నిటితో పాటు కృష్ణా జిల్లాకు మార్చినప్పుడు నగరం లంకను విడదీసి గోదావరి జిల్లాలోనే ఉంచారు. 1925లో పశ్చిమ గోదావరి జిల్లా ఏర్పడి, పాత గోదావరి జిల్లా తూర్పు గోదావరి అయింది. కాబట్టి 1904కు ముందటి కాగితాలలో 'నరసాపురం తాలూకా' అని ఉంటే అందులో రాజోలు పల్లెలు కూడా ఉన్నాయని చదువుకోవాలి. ఆ తరువాతి కాగితాలలో ఏరే సరిహద్దు. లేసు లెక్క పశ్చిమానికి వెళ్ళింది, అల్లే చేతులు కొన్ని తూర్పున ఉండిపోయాయి. దారం మాత్రం ఏ సరిహద్దునూ ఎరుగదు. అది నరసాపురం నుండి సంచుల్లో పంటు ఎక్కి ఇవతలికి వచ్చేది, లేసై అదే పంటు మీద తిరిగి వెళ్ళేది.

1844 అనే సంవత్సరం

లేసు గురించి ఏ కరపత్రం చూచినా, 1844లో స్కాట్లండుకు చెందిన మాక్రే ఈ పనిని ఇక్కడ ప్రవేశపెట్టారని ఉంటుంది. 2024లో నరసాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు వచ్చిన సందర్భంలోనూ పత్రికలు ఆ సంవత్సరాన్నే రాశాయి. మరో వృత్తాంతం దుమ్ముగూడెం వైపు చూపుతుంది. గోదావరి ఎగువన భద్రాచలం దగ్గర చర్చి మిషనెరీ సొసైటీ వారు కోయల మధ్య చేసిన పరిచర్యలో, రెవరెండ్ జాన్ కెయిన్ గారి భార్య బాలికలకు లేసు నేర్పారని, అక్కడినుండే ఈ విద్య డెల్టాకు దిగిందని అంటారు. కోయల గురించి జాన్ కెయిన్ రాసిన వ్యాసాలు 'ఇండియన్ ఆంటిక్వరీ'లో నేటికీ చదవవచ్చు. ఆయన భార్య మాత్రం మనకు 'మిసెస్ కెయిన్' గానే మిగిలింది.

ఈ రెండు వృత్తాంతాలూ ఒకదానితో ఒకటి పొసగవు. దుమ్ముగూడెం మిషను జనరల్ హేగ్ ప్రోద్బలంతో ప్రారంభమైనదే 1861లో. లేసు అక్కడినుండి వచ్చిందంటే 1844 నిలువదు. మరొక ఆధారం అల్లికలోనే ఉంది. డెవన్ లేసు దిండు మీద గుండుసూదులు గుచ్చి, చిన్న చిన్న కదురుల వంటి పుల్లలతో అల్లేది. మన డెల్టాలో అల్లేది ఒక్క కొక్కెపు సూదితో, అనగా క్రోషియా. ఐర్లండులో 1845లో మొదలైన బంగాళాదుంప కరువు కాలంలో కన్యకామఠాల వారు, పాదిరుల భార్యలు పేద కుటుంబాలను బ్రతికించడానికి ఈ పనిని నేర్పగా అది పెద్ద వృత్తిగా మారింది. దిండు, పుల్లలు, గుండుసూదులు అక్కరలేదు. ఒక సూది, ఒక దారపు ఉండ ఉంటే చాలు, అరుగు మీద కూర్చునైనా అల్లవచ్చు. పేదవారికి త్వరగా నేర్పగల పని కనుకనే అది మిషను కేంద్రాలకు పాకింది. ఐరోపాలోనే అప్పుడప్పుడే వాడుకలోకి వస్తున్న పని 1844 నాటికే నరసాపురంలో స్థిరపడిందనడం కష్టం. 19వ శతాబ్దపు ఉత్తరార్ధం అనుకోవడమే సమంజసమని మా అభిప్రాయం. 1844ను ప్రసంగాలలో చెప్పే పాస్టర్లు ఈ సంగతి గమనించాలి.

దక్షిణాన నాగర్‌కోయిల్ ఉదాహరణ పోలికకు పనికివస్తుంది. అక్కడ లండన్ మిషనుకు చెందిన శ్రీమతి మార్తా మాల్ట్ 1820ల నాటికే బాలికల బడిలో దిండు లేసు నేర్పింది. బానిస కుటుంబాల బాలికలు లేసు సంపాదనతో తమ విడుదలను కొనుక్కున్నట్లు ఆ మిషను చరిత్రలు చెబుతాయి. అక్కడ లేసు బడిలో భాగంగా, మిషను లెక్కలలో భాగంగా ఉన్నది గనుక కథ నిలిచింది. మన దగ్గర అది త్వరలోనే మిషను చేతినుండి వర్తకుల చేతికి మారింది. ఆ తొలి వర్తకులు మిషనుతో సంబంధమున్న స్థానిక క్రైస్తవులే. 20వ శతాబ్దం వచ్చేసరికి లేసు విదేశాలకు ఎగుమతి అయ్యే సరుకైంది. మిషను చరిత్రలలో దానికి చోటు తగ్గడానికి ఇదీ ఒక కారణం.

మ్యూజియం చీటీ

ధవళేశ్వరంలోని కాటన్ మ్యూజియంలో ఆనకట్ట నమూనాలు, నాటి యంత్ర సామగ్రి చూడవచ్చు. 1847-52 మధ్య ఆ పని జరుగుతున్నప్పుడు బౌడెన్, బీర్ అక్కడి కూలీల మధ్య సువార్త చెప్పినవారే. ఆ మ్యూజియం చెప్పేది నీటి కథ, రాతి కథ. దారపు కథ అక్కడ వెదకకూడదు. లండనులోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ వంటి మ్యూజియాలలో లేసుకు పెద్ద సేకరణలున్నాయి. అక్కడ ముక్కలను ఊరి పేరుతోనో, సీమ పేరుతోనో, పద్ధతి పేరుతోనో వర్గీకరిస్తారు. అల్లినవారి స్థానంలో సాధారణంగా 'తెలియదు' అని ఉంటుంది. నరసాపురం దగ్గర సీతారాంపురంలో లేస్ పార్కు ఉన్నది. అది నేటి వర్తకానికి, శిక్షణకు సంబంధించినది. గతాన్ని చూపడం దాని పని కాదు.

ఇక్కడ నిర్గమకాండము 35వ అధ్యాయం మాకు జ్ఞాపకం వస్తుంది. ప్రత్యక్షపు గుడారపు పనివారిలో బెసలేలు, అహోలీయాబు పేర్లు, వారి తండ్రుల పేర్లు, గోత్రాల పేర్లు సహా రాయబడ్డాయి. దానికి కొంచెం పైనే 25, 26 వచనాలలో తమ చేతులతో వడికిన స్త్రీలున్నారు. వారి జ్ఞానం చెప్పబడింది గాని పేర్లు లేవు. అపొస్తలుల కార్యములు 9వ అధ్యాయానికి వచ్చేసరికి యొప్పేలో దొర్కా పేరు ఉన్నది, ఆమె కుట్టిన వస్త్రాలను విధవరాండ్రు పేతురుకు చూపించడమూ ఉన్నది. ఒక స్త్రీ చేతిపనిని సాక్ష్యంగా ముందు పెట్టిన ఈ సందర్భాన్ని మన ప్రసంగాలలో దాతృత్వానికి ఉదాహరణగా వాడతాము. చేతిపని సంగతి మరచిపోతాము.

"పనేముందండీ"

మ్యూజియాలలో దొరకనిది పల్లెల్లో దొరుకుతుందనే ఆశతో రాజోలు ప్రాంతపు కొన్ని పల్లెలలో వృద్ధ స్త్రీలతో మాట్లాడాము. ఎనభై దాటిన ఒక మామ్మగారిని ఎన్నేళ్ళు లేసు పని చేశారని అడిగితే నవ్వి, "పనేముందండీ అయ్యగారూ! చేలోకి వెళ్ళానా, కోతకు వెళ్ళానా? ఊరికే కూర్చోకుండా అల్లుకునేదాన్ని" అన్నది. పిల్లల చదువులకు డబ్బు ఎలా వచ్చిందమ్మా అని అడిగాము. "ఆ లేసు డబ్బులేగదండీ" అన్నది. రెండు జవాబులకూ మధ్య వైరుధ్యం ఆమెకు కనబడలేదు.

ఇదే మాటను 1970ల చివర జర్మను సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ నరసాపురం పల్లెలలో విన్నది. అంతర్జాతీయ కార్మిక సంస్థ కోసం తెలుగు పరిశోధకుల సాయంతో చేసిన ఆ అధ్యయనం 1982లో 'ది లేస్ మేకర్స్ ఆఫ్ నర్సాపూర్' అనే పుస్తకంగా వచ్చింది. 2023లో ఆమె మరణించే వరకు ప్రపంచమంతటా చదువబడిన ఆ పుస్తకం మన సెమినరీ విద్యార్థుల చేతికి ఎంతమాత్రం వచ్చిందో చెప్పలేము. లేసు అల్లే స్త్రీలు ఐరోపా, అమెరికా, ఆస్ట్రేలియా బజార్లకు సరుకు తయారుచేస్తున్నారు. అయినా వారిని 'గృహిణులు' అని, వారి పనిని తీరిక వేళల కాలక్షేపం అని అనడం వలన కూలి ఎంత తక్కువైనా అడిగేవారు లేకపోయారు. ఆమె లెక్క ప్రకారం రోజంతా అల్లినా వచ్చేది, వ్యవసాయ కూలి స్త్రీలకు ప్రభుత్వం నిర్ణయించిన కనీస కూలిలో మూడో వంతుకు కూడా అందదు.

పని ఎలా నడుస్తుందో తెలియని పాఠకుల కోసం కొంచెం చెప్పాలి. ఎగుమతి వర్తకుడు దారాన్ని, మాదిరి ముక్కను ఏజెంటుకు ఇస్తాడు. ఏజెంటు పల్లెకు తెచ్చి ఇళ్ళకు పంచుతాడు. ఒక ఇంట్లో పువ్వులు మాత్రమే అల్లుతారు, దానిని చేతిపని అంటారు. వేరొక ఇంట్లో ఆ పువ్వులను కలిపి బల్లగుడ్డగానో దుప్పటిగానో చేస్తారు, అది అతుకుపని. కూలి గంటల లెక్కన కాదు, అల్లిన దారం లెక్కన. సరుకు నరసాపురం చేరాక ఉతికి, ఇస్త్రీ చేసి, మడతపెట్టి పంపిస్తారు. పువ్వు అల్లిన స్త్రీ పూర్తయిన బల్లగుడ్డను చూడకపోవచ్చు కూడా.

మొదట మిషను నీడన ఈ పని నేర్చినవారు మాల, మాదిగ కుటుంబాలనుండి వచ్చిన పేద క్రైస్తవ స్త్రీలు. తరువాత గోషా పాటించే కాపు కుటుంబాల స్త్రీలలోకి అది విస్తరించింది. బయటికి వెళ్ళకుండా చేయగల పని గనుక 'గౌరవమైన పని' అన్న పేరు దానికి వచ్చింది. చేలో కూలి మెరుగ్గా ఉన్న కాలంలో దళిత క్రైస్తవ స్త్రీలు లేసును పక్కనబెట్టి కోతలకు, నాట్లకు వెళ్ళారు, పనులు లేని కాలంలో మరల సూది పట్టారు. ఒకనాడు స్త్రీలు కూడా చేసిన లేసు వర్తకం, 1970 తరువాత ఎగుమతులు పెరిగే కొలదీ పురుషుల చేతికి పోయింది. వీటిని చదువుతున్నప్పుడు మమ్మును కలచివేసిన ప్రశ్న ఒకటే. ఆ వర్తకుల్లో, ఏజెంట్లలో సంఘస్థులున్నారు, అల్లేవారిలోనూ సంఘస్థులున్నారు, ఇద్దరూ ఆదివారం ఒకే మందిరంలో కూర్చున్నారు. కూలి గురించి యాకోబు పత్రిక 5వ అధ్యాయాన్ని చేలకు అన్వయించి చెప్పిన ప్రసంగాలు మేము విన్నాము. లేసుకు అన్వయించినది వినలేదు.

2024లో వచ్చిన భౌగోళిక గుర్తింపు పశ్చిమ గోదావరి, కోనసీమ జిల్లాలలోని 19 మండలాలను కలిపి చెబుతుంది. సుమారు 15 వేల మంది స్త్రీలు ఈ పనిలో ఉన్నట్లు అప్పుడు రాశారు. మీస్ కాలంలో ఆ సంఖ్య లక్ష దాటిందని అంచనా. యంత్రపు లేసు పోటీకి తోడు, చదువుకున్న మనుమరాళ్ళు సూది పట్టకపోవడం ఈ తగ్గుదలకు కారణాలు. 1904లో విడిపోయిన రెండు గట్లు 120 ఏళ్ళకు ఒక కాగితం మీద కలిశాయి. పేరు మాత్రం నరసాపురమే. దానికి మాకు అభ్యంతరం లేదు.

వివాహ రిజిస్టరు

పాస్టర్ల చేతిలో ఉన్న ఒక ఆధారాన్ని గురించి చెప్పి ముగిస్తాము. 1872 నాటి భారత క్రైస్తవ వివాహ చట్టం ప్రకారం నింపే రిజిస్టరులో వధూవరుల పేరు, వయస్సు, నివాసం, తండ్రి పేరుతో పాటు వృత్తికి కూడా గడి ఉన్నది. వరునికే కాదు, వధువుకు కూడా. పాత రిజిస్టర్లు చెదలు పట్టక మిగిలిన చోట ఆ గడి చూడండి. మేము చూచిన కొద్ది పుటలలో వరుని గడిలో 'కూలి', 'వ్యవసాయం', 'ఉపాధ్యాయుడు' అని ఉన్నది. వధువు గడిలో అడ్డగీత, లేదా 'గృహిణి'. వాటిలో కొందరి పిల్లలను మేము ఎరుగుదుము. ఆ తల్లులు పెళ్ళికి ముందూ, పెళ్ళి తరువాతా లేసు అల్లినవారని వారే చెప్పారు. ఆ పేర్లను, ఊళ్ళను, ఎవరి దగ్గర నేర్చుకున్నారన్న సంగతిని వేరే నోటుపుస్తకంలో రాయడం మొదలుపెట్టాము. ఇప్పటికి అందులో పదిహేడు పేర్లున్నాయి. రాజోలు, మలికిపురం, సఖినేటిపల్లి మండలాలలో పరిచర్య చేస్తున్న తోటి సేవకులు తమ సంఘాలలోని వృద్ధ స్త్రీలను అడిగి పంపితే వాటినీ చేర్చుతాము.