రంగు ఒకటే, జీతాలు రెండు



అమెరికాలో విమానమెక్కిన మీలో చాలామంది టికెట్టు మీద ఒక చిన్న వాక్యాన్ని చూసే ఉంటారు: ఈ విమానాన్ని నడుపునది ఫలానా సంస్థ అని. తోక మీది రంగులు డెల్టావో యునైటెడ్‌వో అయినా, లోపలి పైలట్ వేరొక ప్రాంతీయ సంస్థ ఉద్యోగి. అతని జీతం వేరు, సీనియారిటీ పట్టిక వేరు. పెద్ద సంస్థల పైలట్ల వేతన చరిత్ర ఆ చిన్న వాక్యంలో దాగి ఉన్నదని నా అభిప్రాయం.

1978 అక్టోబరులో అధ్యక్షుడు కార్టర్ సంతకంతో అక్కడి విమానయానంపై ప్రభుత్వ నియంత్రణ సడలింది. అంతవరకు ఛార్జీలనూ మార్గాలనూ ప్రభుత్వమే నిర్ణయించేది గనుక, పైలట్లకిచ్చిన పెంపు ఛార్జీలో కలిసిపోయేది. పోటీ వచ్చాక ఆ వెసులుబాటు పోయింది. పెద్ద సంస్థలు చిన్న ఊళ్ళ మార్గాలను ప్రాంతీయ సంస్థలకు గుత్తకిచ్చి, తమ పేరు మీదనే నడిపించసాగాయి.

పెద్ద సంస్థల పైలట్లు ఊరుకోలేదు. తమ ఒప్పందాలలో ఒక కంచె వేసుకొన్నారు. ఇన్ని సీట్లకు మించిన విమానాన్ని బయటివారు నడపరాదన్న ఆ నిబంధనకే స్కోప్ క్లాజు అని పేరు. కంచె సరే, అవతల వదలిన నేల మాటేమిటి? తొలినాళ్ళలో అక్కడ తిరిగినవి చాలావరకు పంకాల విమానాలే గనుక ఎవరూ పెద్దగా పట్టించుకొన్నట్లు లేదు. 1990లలో యాభై సీట్ల జెట్‌లు వచ్చి ఆ లెక్కను తారుమారు చేశాయి. వాటిని ఎవరు నడపాలన్న తగవే ముఖ్యకారణంగా 1997 ఫిబ్రవరిలో అమెరికన్ ఎయిర్‌లైన్స్ పైలట్లు సమ్మెకు దిగారు. నిమిషాల వ్యవధిలోనే అధ్యక్షుడు క్లింటన్ దానిని ఆపించారు.

2001లో డెల్టా సొంత అనుబంధ సంస్థ కామ్‌ఎయిర్ పైలట్లు 89 రోజులు సమ్మె చేసి జీతాలు పెంచుకొన్నారు. అదే సంవత్సరం సెప్టెంబరు దాడుల తరువాత పెద్ద సంస్థలు వరుసగా దివాలా కోర్టు మెట్లెక్కాయి. డెల్టా పైలట్లు 2004లో 32.5 శాతం కోతకు ఒప్పుకొన్నారు. 2006లో మరో 14 శాతం. ఆ దశాబ్దంలోనే కంచె యాభై సీట్ల నుండి డెబ్భైకి, డెబ్భైయారుకు జరిగింది. అవతల తక్కువ జీతానికి జెట్ నడిపేవారు సిద్ధంగా ఉండగా ఇవతలివారి బేరానికి బలమెక్కడిది? కామ్‌ఎయిర్ కూడా 2012లో మూతపడింది.

(ఒకే ఉన్నత పాఠశాలలో ఒకే తరగతికి పాఠం చెప్పే ఇద్దరికి రెండు స్కేళ్ళుండటం ఎలా ఉంటుందో రెండవ శ్రేణి తెలుగు పండితులకు వేరుగా చెప్పనక్కరలేదు.)

ప్రాంతీయ సంస్థలో ఇరవై యేళ్ళ కెప్టెనైనా పెద్ద సంస్థకు మారితే సీనియారిటీ పట్టికలో అడుగున చేరవలసిందే. అందుకే చాలామంది కదలక ఉండిపోయేవారు.

2009 ఫిబ్రవరి 12న కాంటినెంటల్ పేరుతో నడుస్తున్న కోల్గన్ ఎయిర్ విమానం బఫెలో వద్ద కూలి యాభైమంది మరణించారు. విచారణలో ప్రాంతీయ పైలట్ల స్వల్ప జీతాలు, నిద్ర లేని రాత్రులు దేశమంతా విన్నది. ఫలితంగా 2013 నుండి కో పైలట్‌కు సైతం సాధారణంగా 1500 గంటల అనుభవం కావాలన్నారు. అంతకు ముందు 250 గంటలు చాలేవి. విచిత్రమేమంటే, కూలిన విమానంలోని పైలట్లిద్దరికీ 1500 గంటలు ఏనాడో దాటాయి. నియమం రోగానికి మందో కాదో గాని, జీతాలకు మాత్రం మందయింది. కొత్తవారు అరుదయ్యారు. కోవిడ్ కాలంలో పెద్ద సంస్థలు వేలమందిని ముందుగా విరమింపజేసి, ఆపైన ప్రాంతీయ సంస్థల నుండి పైలట్లను లాగుకోసాగాయి. 2022 జూన్‌లో అమెరికన్ అనుబంధ సంస్థలు జీతాలను ఒక్కసారిగా పెంచాయి. కింది మెట్టు పైకి లేచాక పై మెట్టు అక్కడే నిలవదు గదా! 2023 మార్చిలో డెల్టా పైలట్లు నాలుగేళ్ళకు 34 శాతం పెంపును సాధించారు. అమెరికన్, యునైటెడ్ ఒప్పందాలు ఆ యేడే వచ్చాయి.

డెబ్భైయారు సీట్ల హద్దును మాత్రం ఈసారి ఎవరూ జరుపనివ్వలేదు.