చైనా పింగాణీ, మన ఆనపబుర్ర: సాలార్‌జంగ్ మ్యూజియం చూశాక మనలో మనం అడగాల్సిన మాట



చైనా చరిత్ర చూడాలంటే బీజింగే వెళ్ళక్కర్లేదు. హైదరాబాద్‌లో మూసీ ఒడ్డున సాలార్‌జంగ్ మ్యూజియం ఉంది. నిజాం దగ్గర దివాన్‌గా చేసిన మూడో సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీ ఖాన్ (1889–1949) జీవితమంతా కొని పోగేసిన వస్తువులే అందులో ఎక్కువ. 1951 డిసెంబర్ 16న నెహ్రూ దీన్ని దివాన్ దేవ్డీలో ప్రారంభించారు. 1961లో పార్లమెంటు చట్టంతో జాతీయ ప్రాముఖ్యం గల సంస్థ అయింది. ఇప్పుడున్న భవనంలోకి వచ్చింది 1968లో. చైనా, జపాన్ వస్తువులు తూర్పు బ్లాకులో ఉన్నాయి. సీతంపేట, కురుపాం, పార్వతీపురం వైపు నుంచి చదువుకోడానికి వచ్చిన కొంతమందిమి ఆ గదులు తీరిగ్గా తిరిగి చూశాం. పోస్టు కొంచెం పెద్దది, ఓపిగ్గా చదవండి.

ముందు పింగాణీ సంగతి. తెల్లటి జాడీల మీద నీలం రంగు పూలు, లతలు ఉంటాయి. చైనాలో జింగ్‌దెజెన్ అనే ఊరు వందల ఏళ్ళు ఈ పనికే పేరు. పింగాణీకి కావాల్సిన తెల్లమట్టిని ప్రపంచమంతా 'కయోలిన్' అంటుంది కదా, ఆ మాట ఆ ఊరి దగ్గరున్న గావ్‌లింగ్ అనే కొండ పేరు నుంచి వచ్చింది. ఆ మట్టిని ఇంకో రకం రాతిపొడితో కలిపి, సుమారు 1300 డిగ్రీల వేడిలో కాలిస్తే గాజులా గట్టిపడి గణగణమంటుంది. నీలం రంగు కోబాల్ట్ నుంచి వస్తుంది. 14వ శతాబ్దంలో మేలురకం కోబాల్ట్ పర్షియా వైపు నుంచి వెళ్ళేది. అంటే చైనా జాడీ కూడా ఒక్క చైనాదే కాదు. యూరప్ వాళ్ళు ఈ రహస్యం పట్టుకుని జర్మనీలోని మైసెన్‌లో కార్ఖానా పెట్టేసరికి 1710 వచ్చింది.

లేతాకుపచ్చ రంగు పళ్ళేలు ఇంకో రకం, వీటిని సెలడాన్ అంటారు. విషం కలిపిన అన్నం వడ్డిస్తే పళ్ళెం రంగు మారుతుందనో, పగులుతుందనో రాజులు నమ్మేవారట. అది నమ్మకమే, నిజం కాదు. కానీ ఆ నమ్మకం వల్లే ఆ పళ్ళేలకి అంత ధర పలికింది.

ఇక్కడ మమ్మల్ని ఆపేసిన విషయం ఒకటుంది. రాచకొలిమిలో చేసిన మింగ్, చింగ్ వంశాల కాలం నాటి చాలా పాత్రల అడుగున అక్షరాలు ఉంటాయి. ఏ వంశం, ఏ చక్రవర్తి కాలంలో చేశారో అందులో రాసుంటుంది. మట్టి తొక్కినవాడి పేరు, సారె తిప్పినవాడి పేరు, కొలిమి దగ్గర రాత్రంతా కూర్చున్నవాడి పేరు మాత్రం ఉండవు. అంత గొప్ప పనిలోనూ పేరు రాజుదే.

చైనా పనివాళ్ళు ఆనపకాయ ఆకారంలో కూడా పింగాణీ సీసాలు చేశారు. ఆనపబుర్ర మనకి కొత్తా? పోడుకి పోయినప్పుడు అంబలి, నీళ్ళు పట్టుకెళ్ళింది దాంట్లోనే కదా. వాళ్ళు బుర్రని చూసి మట్టితో చేసింది అద్దాల బీరువాలో ఉంది. మన బుర్ర ప్లాస్టిక్ సీసా వచ్చాక అటక మీదికి పోయింది, తర్వాత పొయ్యిలోకి పోయింది.

చైనావాళ్ళ లక్క పని కూడా చెప్పాలి. మనం లక్క అనేది వేరు, వాళ్ళది వేరు. వాళ్ళు ఒక జాతి చెట్టుకి గాటు పెట్టి కారిన పాలని పూత మీద పూతగా పదుల సార్లు వేసి, ఆరాక చెక్కుతారు. మన లక్క మోదుగ, రేగు లాంటి చెట్ల కొమ్మల మీద పురుగు పెట్టేది. వరాహ నది ఒడ్డున ఏటికొప్పాకలో అంకుడు కర్ర బొమ్మలకి వేసేది ఈ లక్కే. బొమ్మ చేసిన ఊరికి పేరొచ్చింది, మంచిదే. లక్క ఏరి సంతకి తెచ్చిన కొండ మనిషి పేరు ఏ బొమ్మ మీదా ఉండదు.

ఇప్పుడు పూర్వీకుల సంగతికి వద్దాం. బీజింగ్‌లోని చైనా జాతీయ మ్యూజియంలో హౌముూ డింగ్ అనే పెద్ద కంచు పాత్ర ఉంది. బరువు 832 కిలోలు దాటుతుంది. 1939లో ఆన్‌యాంగ్ దగ్గర నేలలో దొరికింది. మూడు వేల ఏళ్ళ క్రితం షాంగ్ వంశపు రాజు తన తల్లి కోసం పోయించాడు. అలాంటి పాత్రల్లో చనిపోయిన పెద్దలకి తిండి, సారా పెట్టేవారు. ఎముకలు కాల్చి, పగుళ్ళు చూసి, పెద్దల్ని ప్రశ్నలు అడిగేవారు. జబ్బు ఎందుకొచ్చింది, వాన ఎప్పుడొస్తుంది అని. ఆ ఎముకల మీద గీసిన అక్షరాలే చైనా లిపికి ఇప్పుడు దొరుకుతున్న తొలి పెద్ద ఆధారం.

చనిపోయినోళ్ళతో మాట్లాడటం మన సవరలకి తెలియని పనా? గోడ మీద మనుషులు, చెట్లు, ఏనుగులు, నిచ్చెనలు గీసి, ఫలానా పెద్ద కోసం అని కల్లు, బియ్యం పెట్టే ఆచారం మనది. వెరియర్ ఎల్విన్ ఒడిశా వైపు సవరల మధ్య తిరిగి 1955లో పెద్ద పుస్తకమే రాశాడు. అదే పని చైనావాళ్ళు చేస్తే 'ప్రాచీన నాగరికత' అని పాఠం, మనం చేస్తే 'మూఢనమ్మకం' అని హాస్టల్లో నవ్వులు. ఇది మనలో చాలామందికి అనుభవమే.

చైనాకీ మన నేలకీ నేరుగా సంబంధం కూడా ఉంది. క్రీ.శ. 629లో బయల్దేరి 645లో తిరిగి వెళ్ళిన హుయాన్‌త్సాంగ్ కళింగ గురించి రాశాడు. వందల లీల పొడవున అడవులు, పక్క రాజ్యాలు కోరుకునే పెద్ద నల్ల ఏనుగులు, పదో ఎన్నో బౌద్ధ విహారాలు, అయిదొందల మంది భిక్షువులు ఉన్నారన్నాడు. ఒకప్పుడు జనంతో కిక్కిరిసిన దేశం ఒక రుషి శాపంతో ఖాళీ అయిందని విన్న కథా రాశాడు. కొమరాడ, కురుపాం వైపు ఏనుగులు దిగితే ఇప్పుడు మనం ఉలిక్కిపడుతున్నాం, కానీ ఈ నేలకి ఏనుగు కొత్త చుట్టం కాదు. ఆయనకన్నా చాలా ముందే ఐతరేయ బ్రాహ్మణంలో ఆంధ్రుల పక్కనే శబరుల పేరుంది.

ఆ కాలపు బౌద్ధం ఆనవాళ్ళు చూడాలంటే గార మండలం శాలిహుండం వెళ్ళండి. వంశధార ఒడ్డున కొండ మీద స్తూపాలు, చైత్యాలు, పక్కనే చిన్న మ్యూజియంలో తార, మారీచి విగ్రహాలు ఉన్నాయి. 1919లో ఆ చోటుని వెలుగులోకి తెచ్చింది గిడుగు రామమూర్తి గారే. సవర పిల్లలకి వాళ్ళ మాటలోనే చదువు చెప్పాలని బడులు పెట్టి, 1931లో సవర భాషకి వ్యాకరణం, 1938లో సవర–ఇంగ్లీషు నిఘంటువు ఇచ్చింది కూడా ఆయనే. ఆగస్టు 29న తెలుగు భాషా దినం అని జరుపుకుంటాం. ఆ రోజు ఆయన సవర పని గురించి ఎంతమంది మాట్లాడుతున్నారు?

మన పెద్దలు 'చైనా' అన్న మాట గట్టిగా విన్నది ఇంకో కాలంలో. 1967 అక్టోబర్ 31న మొండెంఖల్ సభకి వెళ్తున్న గిరిజనుల మీద లేవిడి దగ్గర భూస్వాముల మనుషులు కాల్పులు జరిపితే కోరన్న, మంగన్న చనిపోయారు. తర్వాత మూడేళ్ళు కొండలు ఎలా ఉన్నాయో తాతల్ని అడిగితే చెప్తారు. ఆ పోరాటం దారి మీద ఎవరి అభిప్రాయం వాళ్ళది. కానీ ఏజెన్సీ భూమి గిరిజనేతరుడి చేతికి పోకుండా ఉన్న 1/70 చట్టం ఆ రోజుల్లోనే వచ్చిందని మర్చిపోకూడదు. ఆ రోజులు చూసిన కళ్ళు ఏటేటా తగ్గిపోతున్నాయి.

మ్యూజియం అంటే డబ్బున్నవాడు కొన్న వస్తువుల గది మాత్రమే కాదు. ఏది దాచాలో ఎవరో ఒకరు నిర్ణయించిన చోటు. మన విషయంలో ఆ నిర్ణయం మనమే చెయ్యాలి. దానికి పెద్ద భవనం అక్కర్లేదు. ఈసారి కందికొత్తల పండక్కి ఊరెళ్ళినప్పుడు ప్రతి ఒక్కరం ఒక్క వస్తువు పట్టుకుందాం. తుడుమో, బుర్రో, బుట్టో, విల్లో, ఏదైనా సరే. దాని పేరు మన మాటలో ఏంటి, ఏ చెట్టుతో చేశారు, ఏ నెలలో చేస్తారు అని రాద్దాం. అన్నిటికన్నా ముందు చేసినవాళ్ళ పేరు, ఊరి పేరు రాద్దాం. పూజ బొమ్మల్ని మాత్రం ఇంటివాళ్ళనీ, ఎజ్జోడినీ అడక్కుండా ఫోటో తియ్యొద్దు. అవి గోడకి అందం కోసం గీసినవి కావు, ఒక మనిషి కోసం గీసినవి.

చైనా జాడీ అడుగున కుమ్మరి పేరు లేదు. మన జాబితాలో మొదటి వరస ఆ పేరుదే కావాలి. రాసినవి ఇక్కడే గ్రూపులో పెట్టండి. తప్పులుంటే పెద్దలు సరిచేస్తారు.