గీత మన ఊరి మీద లేదు కదా అని పడుకోకండి: 1977 ఉప్పెన చెప్పిన పాఠం



కార్తీకం వచ్చిందంటే మన డెల్టా రైతుకి ఒక కన్ను చేను మీద, ఇంకో కన్ను ఆకాశం మీద ఉంటుంది. కంకి బరువెక్కి వంగే టైముకే బంగాళాఖాతంలో అల్పపీడనం అంటారు. మర్నాడు వాయుగుండం అంటారు. ఆ తర్వాత తుఫానై దానికో పేరు పెడతారు. టీవీలో తీరం ఎక్కడ దాటుతుందో గీత గీసి చూపిస్తారు. ఆ గీత మన ఊరి మీద లేకపోతే "హమ్మయ్య, మనకి తప్పింది" అనుకుని దుప్పటి కప్పుకుని పడుకుంటాం.

ఆ హమ్మయ్య గురించే ఇవాళ రాస్తున్నాను. 1977లో దివిసీమని ముంచేసిన తుఫాను దివిసీమలో తీరం దాటలేదు. చీరాల దగ్గర దాటింది. ఈ ఒక్క ముక్క మన కుర్రాళ్లలో చాలామందికి తెలియదు.

ముందు కొంచెం వెనక్కి వెళ్దాం. ఉప్పెన మన తీరానికి కొత్త కాదు. 1864 నవంబరు 1న బందరుని ఉప్పెన ముంచింది. సుమారు 30 వేల మంది పోయారని అప్పటి లెక్క. కృష్ణ మీద ఆనకట్ట కట్టి పదేళ్లు కూడా కాలేదు అప్పటికి. కాలవ నీళ్లు వచ్చి, పంటలు పండి, జనం కాస్త నిలదొక్కుకునే రోజులు. రేడియో లేదు, ముందుగా చెప్పే నాథుడు లేడు.

తర్వాత 113 ఏళ్లకి, మళ్లీ నవంబరులోనే, 1977 నవంబరు 19న. ఆ రోజు శనివారం. నాకు అప్పుడు ఏడేళ్లు. మా ఊరు సముద్రానికి దూరం కాబట్టి మాకు గాలీ వానా తప్ప ఉప్పెన రాలేదు. ఇంటి కప్పు తాటాకులు లేచిపోతుంటే మా అమ్మ నన్నూ చెల్లినీ రోలు పక్కన కూర్చోబెట్టి పాత కంబళి కప్పింది. మా నాన్న మాత్రం కొడవలి పట్టుకుని పాకలోకి వెళ్లి గొడ్ల పలుపులు కోసేశాడు. ఎందుకు నాన్నా అంటే "అవి బతికితే వెతుక్కోవచ్చు, కట్టేసి ఉంటే చచ్చిపోతాయి" అన్నాడు. ఆ మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది.

మాకు కిందగా ఉన్న ఊళ్ల సంగతి వేరు. నాగాయలంక, కోడూరు వైపు సొర్లగొంది, పాలకాయతిప్ప, హంసలదీవి ఆ చుట్టుపక్కలంతా సముద్రం మీదికి వచ్చేసింది. నీళ్లు సుమారు 5 మీటర్ల ఎత్తున వచ్చాయంటారు. అంటే 16 అడుగులు. మన పూరింటి కొప్పు మునిగి ఇంకా పైన నీళ్లుంటాయన్న మాట. ప్రభుత్వ లెక్కలో పోయినవాళ్లు 10 వేల దాకా ఉన్నారు. ఊళ్లో పెద్దవాళ్లు చెప్పే లెక్క దానికన్నా ఎక్కువే. పశువులైతే లక్షల్లో పోయాయి. ఆ తర్వాత మండలి వెంకట కృష్ణారావు గారు దివిసీమని మళ్లీ నిలబెట్టడానికి పడిన కష్టం మా నాన్న తరం వాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు.

మరి చీరాల దగ్గర తీరం దాటితే దివిసీమ ఎందుకు మునిగింది?

మన వైపు తుఫాను గాలి గడియారం ముల్లుకి ఎదురుగా తిరుగుతుంది. మీరు తుఫాను అనుకోండి. సముద్రంలో నుంచి ఒడ్డు వైపు మొహం పెట్టి వస్తున్నారు. మీ కుడిచేతి వైపు గాలి సముద్రం మీద నుంచి నేల మీదికి తోస్తుంది. ఎడమచేతి వైపు గాలి నేల మీద నుంచి సముద్రంలోకి తోస్తుంది. అందుకని ఉప్పెన కుడి వైపు వస్తుంది. చీరాల దగ్గర నిలబడి చూస్తే కుడి వైపు ఏముంది? నిజాంపట్నం, ఆ తర్వాత మన దివిసీమ.

దానికి తోడు మన తీరంలో సముద్రం చాలా దూరం దాకా లోతు తక్కువ. తొట్టిలో నీళ్లని చేత్తో ఒక పక్కకి బలంగా తోసి చూడండి. లోతుంటే కిందికి మళ్లుతాయి. లోతు లేకపోతే గట్టెక్కి పొర్లుతాయి. మన నేల బల్లపరుపు. వచ్చిన నీటికి అడ్డేముంది?

ఇక్కడే ఇంకో సంగతి. రేవుల్లో ఎగరేసే ప్రమాద హెచ్చరిక నంబర్లు 8, 9, 10 మెట్లలాంటివని అనుకుంటాం. "మనకి తొమ్మిదేలే, పదో నంబరు రాలేదు" అంటాం. అది తప్పు. మూడూ మహా ప్రమాదం కిందికే వస్తాయి. 8 అంటే తుఫాను దారికి ఆ రేవు ఎడమ వైపు ఉంటుందని. 9 అంటే కుడి వైపు ఉంటుందని. 10 అంటే ఆ రేవు మీదే గానీ బాగా దగ్గరలో గానీ దాటుతుందని. ఇప్పుడు చెప్పండి, తొమ్మిదో నంబరు వింటే నిమ్మళంగా ఉండొచ్చా? 11 అంటే ఆ రేవుకి వాతావరణ కేంద్రంతో సంబంధమే తెగిపోయిందని.

1977లో రేడియోలో తుఫాను గురించి చెప్పారు. కానీ అది ముందు పడమరగా వచ్చి, తర్వాత ఉత్తరానికి మళ్లింది. వారం ముందే ఇంకో తుఫాను నాగపట్నం వైపు పోయింది. ఇదీ అటే పోతుందిలే అనుకున్నవాళ్లు ఉన్నారు. దానికన్నా పెద్ద కారణం మనకందరికీ తెలుసు. చేను కోతకొచ్చి ఉంది. పాకలో గొడ్లున్నాయి. ఏ రైతు వదిలి వెళ్తాడు?

దీన్ని 1990 మే 9 తుఫానుతో పోల్చి చూడండి. అదీ మన కృష్ణా తీరం మీదే పడింది, బలంలో తక్కువదేం కాదు. కానీ ఈలోగా తీరం పొడవునా తుఫాను షెల్టర్లు కట్టారు. లక్షల మందిని ముందే తరలించారు. పోయినవాళ్లు వెయ్యికి లోపు. ఒక్క ప్రాణం పోయినా పోయినట్టే, కాదనను. కానీ 10 వేలెక్కడ, వెయ్యి లోపెక్కడ! తేడా అంతా ముందే కదలడంలో ఉంది. మళ్లీ 1996 నవంబరు 6న కోనసీమ మీద పడినప్పుడు వెయ్యి మందికి పైగా పోయారు. అందులో వేటకెళ్లి సముద్రంలో ఉండిపోయినవాళ్లు చాలామంది. కబురు చివరి మనిషి దాకా అందకపోతే పాత కథే.

ఇక నా తప్పు కూడా చెప్పుకోవాలి. 2023 డిసెంబరు 5న మిచాంగ్ బాపట్ల దగ్గర తీరం దాటింది. చూశారుగా, మళ్లీ మనం కుడి వైపే. అంతకు ముందు రోజు సాయంత్రం దాకా నేను పొలంలో పనలు కుప్ప వేస్తూ ఉన్నాను. వస్తుంటే కరెంటు తీగ తెగి బోదె గట్టు మీద పడి ఉంది. టార్చి వెలుగులో చివరి అడుగులో చూశాను. ఇంటికొచ్చాక మా ఆవిడ ఏమీ అనలేదు, అన్నం పెట్టి పక్కకి తిరిగి కూర్చుంది. అదే ఎక్కువ బాధ అనిపించింది. రెండు రోజులు ముందే తెలిసి కూడా ఆఖరి పూట దాకా ఆగింది నేనే.

కాబట్టి నా లెక్క ఇది. వాతావరణ శాఖ తుఫాను సంగతి సుమారు 48 గంటల ముందు అప్రమత్తం చేస్తుంది, 24 గంటల ముందు హెచ్చరిక ఇస్తుంది. పొలం పనంతా ఆ మొదటి రోజులోనే అయిపోవాలి. కోయని చేను కోయొద్దు. కోసిన పనలు ఉంటే కుప్ప వేసి బరకం కప్పి తాళ్లతో బిగించండి. నీళ్లు పోయేలా బోదెలూ మురుగు కాలవ మూతులూ తవ్వి పెట్టండి. పాసుపుస్తకం, ఆధారు, బ్యాంకు పుస్తకం, విత్తనాలు ప్లాస్టిక్ కవర్లో కట్టండి. గొడ్లని మెరక మీదికి తోలండి. వీలు కాకపోతే పలుపులు విప్పేయండి.

రెండో రోజు మనిషి కోసం. షెల్టరుకి వెళ్లమంటే వెళ్లాలి. ముసలివాళ్లనీ బాలింతలనీ ముందు పంపాలి. ఇంకోటి, గాలి ఉన్నట్టుండి ఆగిపోతే తుఫాను పోయిందని బయటికి రావద్దు. అది తుఫాను కన్ను అయ్యుండొచ్చు. అది దాటగానే గాలి రెండో వైపు నుంచి అంతే జోరుగా కొడుతుంది.

తుఫాను పోయాక, పడిపోయిన చేనులో నీళ్లు తీసేసి, కంకి మొలకెత్తకుండా లీటరు నీళ్లకి 50 గ్రాముల ఉప్పు కలిపి పిచికారీ చేయండి. ఉప్పెన నీళ్లు నిలిచిన చేలోకి మాత్రం కాలవ నీళ్లు పెట్టి, తీసి, మళ్లీ పెట్టి ఉప్పు కడగాలి. ఆ చేను తేరుకోవడానికి టైము పడుతుంది. అయినా తేరుకుంటుంది. దివిసీమ తేరుకుంది కదా, ఇవాళ అక్కడ వరి పండుతోంది.

పంట పోతే మళ్లీ వేసుకుంటాం. అప్పయితే తీర్చుకుంటాం, లేకపోతే వాయిదా అడుగుతాం. 1977లో పోయిన ఊళ్లలో మళ్లీ నాట్లు వేయడానికి ఇంటికి ఒక్క మనిషి కూడా మిగలని కుటుంబాలున్నాయి.

ఈసారి టీవీలో గీత చూసినప్పుడు మన ఊరు గీత మీద ఉందా అని కాదు, గీతకి ఏ చేతి వైపు ఉందో చూడండి. మీ ఊళ్లో 1977 చూసిన పెద్దవాళ్లు ఇంకా ఉంటే, ఈ కార్తీకంలో ఒక సాయంత్రం వాళ్ల దగ్గర కూర్చోండి. పక్కన మీ పిల్లల్ని కూడా కూర్చోబెట్టుకోండి.