పింగాణీ కప్పులతో వాన కురిపించిన ఊరు

మన సంఘం ప్రత్యేక సంచికకు చరిత్రకు సంబంధించిన వ్యాసం ఒకటి ఇవ్వమని కార్యదర్శిగారు అడిగారు. రాజుల గురించీ యుద్ధాల గురించీ రాయడానికి నాకంటె పెద్దలు మనలో ఉన్నారు కనుక, నాకు బాగా నచ్చిన ఒక నాటక ప్రదర్శన చరిత్ర రాస్తానన్నాను. అది జరిగింది ఇంగ్లండులో. అయినా సర్వీసులో ఉండగా రిక్రియేషన్ క్లబ్బు నాటకాలకు చందాలు వసూలు చేసినవారికీ, ముఖానికి రంగు పూసుకున్నవారికీ, కనీసం తెర లాగినవారికీ ఈ కథ పరాయిదనిపించదు.

తెర మాట వచ్చింది కనుక ముందు నా సంగతి ఒకటి చెప్పాలి. 1974 దసరాకు మా క్లబ్బు బలిజేపల్లి లక్ష్మీకాంతం గారి ‘సత్యహరిశ్చంద్రీయం’ వేయాలనుకుంది. కార్యదర్శిని నేనే. హరిశ్చంద్రుడికీ చంద్రమతికీ బయటినుంచి పేరున్న కళాకారులను మాట్లాడాం. మిగతా వేషాలు మావాళ్లవే. మా ఆఫీసు అటెండరు ఒకాయన నక్షత్రక వేషానికి రెండు నెలలు రిహార్సలు చేశాడు. పద్యాన్ని అర్థం తెలిసి విరిచి చదివేవాడు. అయితే పై షడ్జమం దాటేసరికి గొంతు జీరపోయేది. నాటకం వారం ఉందనగా కాంట్రాక్టరు వచ్చి, ‘‘మావాళ్ల శ్రుతికి ఈయన నిలబడడండీ, మా నక్షత్రకుణ్ణి మేమే తెచ్చుకుంటాం’’ అన్నాడు. నేను సరేనన్నాను. అటెండరుగారి తొమ్మిదేళ్ల కొడుకు మాత్రం లోహితాస్యుడుగా మిగిలాడు. ఆ రాత్రి కాటిసీనులో కొడుకు స్టేజీ మీద శవమై పడుకుంటే తండ్రి పక్కన నిలబడి తెర తాడు పట్టుకున్నాడు. నాటకం రక్తికట్టింది. చందాదారులందరూ నన్ను మెచ్చుకున్నారు.

రిటైరయ్యాక తీరిక దొరికి పాశ్చాత్య సంగీతం గురించి నాలుగు పుస్తకాలు తిరగేశాను. అందులో బెంజమిన్ బ్రిటెన్ గారి పని గురించి చదివినప్పుడల్లా ఆ తెర తాడే గుర్తుకొచ్చేది.

బ్రిటెన్ 1913లో ఇంగ్లండు తూర్పు తీరంలోని సఫక్ ప్రాంతంలో, లోస్టాఫ్ట్ అనే రేవుపట్టణంలో పుట్టారు. ఆయన ఎన్నో ఒపేరాలు రాశారు. ఒపేరా అంటే మన పద్యనాటకానికి దూరపు చుట్టం అనుకోవచ్చు. మనకు పద్యం పాట, వచనం మాట. వారికి చాలావరకు మాట కూడా పాటే. 1945లో లండనులో ప్రదర్శించిన ‘పీటర్ గ్రైమ్స్’తో ఆయన పేరు మోగిపోయింది. అంతటి వాడు లండనులో స్థిరపడకుండా తన తీరంలోనే ఆల్డ్‌బరా అనే చిన్న బెస్తల ఊళ్లో కాపురం పెట్టి, 1948లో మిత్రులు పీటర్ పియర్స్, ఎరిక్ క్రోజియర్‌లతో కలిసి అక్కడే ఒక సంగీతోత్సవం మొదలుపెట్టారు.

మరుసటి సంవత్సరమే అక్కడ ఒక ప్రయోగం జరిగింది. పొగగొట్టాలు తుడిచే చిన్న కుర్రవాడి కథతో ఒక ఒపేరా వేశారు. పెద్దల వేషాలు వృత్తి గాయకులవి, పిల్లల వేషాలు పిల్లలవి. చూడవచ్చిన ప్రేక్షకులకు కూడా నాలుగు పాటలు అప్పగించారు. నాటకం మొదటి భాగంలోనే వాటిని ప్రేక్షకులకు నేర్పించి, తరువాత పాడించారు. టిక్కెట్టు కొన్నవాడి చేత కూడా పని చేయించుకున్నారన్నమాట!

ఇక అసలు కథకు వస్తాను. 1957లో ఇంగ్లండులోని ఒక ప్రైవేటు టెలివిజన్ సంస్థ, పాఠశాలల కార్యక్రమం కోసం పాత మతనాటకం ఒకదాన్ని సంగీతరూపంగా చేసి ఇవ్వమని బ్రిటెన్ గారిని అడిగింది. ఆ ఏర్పాటు మధ్యలో ఆగిపోయింది గానీ ఆయన మనసులోంచి పని పోలేదు. చెస్టర్ నగరపు పాత నాటకాల్లోంచి నోవహు జలప్రళయం కథను తీసుకున్నారు. భక్తుడైన నోవహుకు దేవుడు ప్రళయం రాబోతోందని చెప్పడం, అతను ఓడ కట్టి భార్యాబిడ్డలనూ జంతువుల జంటలనూ ఎక్కించడం అందరికీ తెలిసినదే. మన మత్స్యావతారంలో సత్యవ్రతుడి నావ కథకు దగ్గరగా ఉంటుంది.

ఈ చెస్టర్ నాటకాల సంగతి మనబోటి ఉద్యోగులకు ఇంకా రుచిస్తుంది. పదిహేను, పదహారు శతాబ్దాల్లో ఆ నగరంలో బైబిలు కథలను బండ్లమీద స్టేజీలు కట్టి వీధుల్లో ఆడేవారు. ఆడినవారు నటులు కారు, వృత్తిసంఘాలవారు. ఒక్కొక్క సంఘానికి ఒక్కొక్క ఘట్టం. ఏసు శిష్యులతో చేసిన చివరి విందు రొట్టెలు కాల్చేవారిది. నోవహు జలప్రళయం ఎవరిదనుకున్నారు? డీ నదినుంచి నీళ్లు తోడి ఇంటింటికీ మోసేవారిది! ఈ పంపకం చేసిన పెద్దమనిషి ఎవరో గానీ చమత్కారం తెలిసినవాడు. 1575 తరువాత ఆ నాటకాలు నిలిచిపోయాయి. ఇరవయ్యో శతాబ్దంలో మళ్లీ జనం వాటివైపు చూశారు.

బ్రిటెన్ గారు ఆ పాత భాషనూ పాత స్పెల్లింగునూ అలాగే ఉంచి ‘నోయాస్ ఫ్లడ్’ అని పేరు పెట్టారు. ఇందులో పెద్దల పాత్రలు మూడే: నోవహు, అతని భార్య, దేవుడి కంఠం. దేవుడు పాడడు, కనిపించడు, పైనుంచి మాట్లాడతాడు. నోవహు కొడుకులు షేము, హాము, యాపెతు, వారి భార్యలు, కబుర్లాడే అమ్మలక్కలు, జంతువులు, పక్షులు అందరూ బడిపిల్లలే.

వాద్యబృందం కూర్చిన తీరు చూస్తే ఆయన బుద్ధి తెలుస్తుంది. నడిమధ్య కొద్దిమంది వృత్తి వాద్యకారులను పెట్టారు. వారి చుట్టూ పిల్లల వాద్యబృందం. వయొలిన్లను మూడు వరుసలు చేశారు. మొదటి వరుస కాస్త చెయ్యి తిరిగినవారికి. రెండోది అంతకంటె తక్కువ వచ్చినవారికి. మూడోది వయొలిన్ పట్టుకోవడం అప్పుడే నేర్చినవారికి. వీరికి చాలాచోట్ల తీగ మీద వేలు ఆనించే పని కూడా లేదు, వట్టి తీగ మీద కమాను లాగితే చాలు. అయితే ఆ వట్టి తీగ స్వరం మొత్తం సంగీతంలో కావలసినచోటే పడేటట్టు ఆయన రాశారు. ఆ పిల్లవాడు లాగకపోతే అక్కడ వెలితి తెలుస్తుంది. రానివాణ్ణి ఊరడించడానికి ఒక మూల కూర్చోబెట్టడం వేరు, రానివాడికి వచ్చినదాన్ని లెక్కగట్టి దానితో పని చేయించడం వేరు. 1974లో నాకు మొదటిది కూడా తోచలేదు.

వాన శబ్దం ఎలా రాబట్టాలన్నది ఆయనకు పెద్ద చిక్కయింది. తీర్చినది ఆయన సహాయకురాలు ఇమొజెన్ హోల్స్ట్. రెండో ప్రపంచయుద్ధ కాలంలో ఆమె పల్లెటూరి మహిళామండలి వారికి తాళవాద్యాలు నేర్పారు. అప్పుడు కప్పులను దారానికి వేలాడగట్టి చెక్కగరిటెతో కొట్టించిన సంగతి గుర్తుచేసుకుని ఆయనకు చేసి చూపించారు. ఇద్దరూ బజారుకు వెళ్లి రకరకాల సైజుల పింగాణీ కప్పులు కొనుక్కొచ్చారు. తాడుకు వరసగా కట్టిన కప్పుల మీద ఒక పిల్లవాడు గరిటెతో తడుతుంటే మొదటి చినుకులు పడతాయి. మన జలతరంగంలో కప్పుల్లో నీళ్లు పోసి రాగం పలికిస్తారు. అక్కడ ఉత్త కప్పులతో నీళ్లనే పలికించారు.

ఈ ఇమొజెన్ గారికి మన దేశంతో సంబంధం ఉంది. ఆమె తండ్రి గుస్తావ్ హోల్స్ట్ సంస్కృతం నేర్చుకుని, మహాభారతంలోని సావిత్రి కథను చిన్న ఒపేరాగా రాశారు. ఆమె స్వయంగా 1950-51 శీతాకాలంలో శాంతినికేతన్‌లో ఉండి మన సంగీతం అభ్యసించారు. ఆ మరుసటి సంవత్సరమే బ్రిటెన్ గారి దగ్గర చేరారు.

ప్రదర్శనకు నాటకశాల వద్దన్నారు. చర్చి గానీ పెద్ద హాలు గానీ కావాలని బ్రిటెన్ గారి షరతు. ఆల్డ్‌బరాకు దక్షిణాన ఉన్న ఓర్‌ఫర్డ్ గ్రామంలోని సెయింట్ బార్తలోమ్యూ చర్చిలో 1958 జూన్ 18న మొదటి ప్రదర్శన జరిగింది. చార్లెస్ మాకెరస్ సంగీతం నడిపించారు, కాలిన్ గ్రేహమ్ దర్శకుడు. నోవహుగా ఓవెన్ బ్రానిగన్, భార్యగా గ్లాడిస్ పార్ పాడారు. దేవుడి కంఠం ట్రెవర్ ఆంథొనీది. జంతువుల తలపాగాలూ దుస్తులూ చిత్రకారుడు సెరి రిచర్డ్స్ రూపొందించారు. బ్యూగిళ్లు ఊదినవారు హోల్‌బ్రుక్‌లోని రాయల్ హాస్పిటల్ స్కూలు పిల్లలు. నావికుల బిడ్డల కోసం పెట్టిన బడి అది. చేతిగంటలు లీస్టన్ బడి పిల్లలవి.

నాటకం మొదట్లోనే జనమంతా లేచి అందరికీ తెలిసిన భక్తిగీతం పాడతారు. ఆ పాట సాగుతుండగానే నోవహు వారి మధ్యనుంచి నడిచి స్టేజీ ఎక్కుతాడు. బ్యూగిళ్లు మోగుతాయి, జంతువులు ఏడు గుంపులుగా, కరుణించమని వేడే గ్రీకు ప్రార్థన పాడుతూ జనం మధ్యనుంచే ఓడలోకి వెళతాయి. ఆ జంతువులు ఎవరో కాదు, ఆ చుట్టుపక్కల పిల్లలు. మా క్లబ్బు లెక్కన చూస్తే హాలు నిండడానికి ఇంతకంటె మంచి ఉపాయం లేదు!

నోవహు భార్య మాత్రం ఓడ ఎక్కనంటుంది. అమ్మలక్కలతో తాగుతూ కూర్చుంటుంది. కొడుకులు ఎత్తుకుపోయి ఓడలో దింపితే మొగుడి చెంప ఛెళ్లుమనిపిస్తుంది. ఐదారు వందల ఏళ్లనాటి ఈ హాస్యం ఇప్పటికీ పండుతుంది.

అప్పుడు వాన. కప్పుల చినుకులు తుఫానవుతాయి. కింద ఒకే స్వరవరుస మళ్లీ మళ్లీ తిరుగుతుంటే, దాని మీద గాలి, మెరుపులు, అలలు, జంతువుల బెదురు ఒక్కొక్కటే పేరుకుంటాయి. సరిగ్గా ఉధృతి ముదిరినచోట ఓడలోనివారు సముద్రంలో చిక్కినవారి కోసం చేసే ప్రార్థనాగీతం ఎత్తుకుంటారు. రెండో చరణానికి జనమంతా గొంతు కలుపుతారు. ఇంగ్లండు నావికులకు ఆ పాట కంఠోపాఠం.

ఆ పాట అక్కడివారికి ఉత్త నాటకంలో పాట కాదు. అంతకు ఐదేళ్ల కిందట, 1953 జనవరి 31 రాత్రి, ఉత్తర సముద్రం పొంగి ఆ తీరాన్ని ముంచింది. ఇంగ్లండులో 307 మంది చనిపోయారు. ఆల్డ్‌బరాలో సముద్రపుటొడ్డున ఉన్న బ్రిటెన్ గారి ఇంట్లోకీ నీళ్లు వచ్చాయి. ఆ చర్చిలో కూర్చున్నవారిలో ఎంతమంది ఇళ్లలో ఆ బురద ఎత్తిపోసుకున్నారో! 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెన తరువాత రిలీఫ్ డ్యూటీలు చేసిన మన సభ్యులకు దీన్ని వివరించి చెప్పనక్కరలేదు. సముద్రం ఇంట్లోకి రావడమంటే ఏమిటో చూసినవాళ్లు పక్కవాడితో కలిసి ఆ పాట పాడితే ఎలా ఉంటుంది?

వాన తగ్గుతుంది, మళ్లీ కప్పుల చినుకులు మిగులుతాయి. కాకి సెల్లో వెంట, పావురం రికార్డరు అనే పిల్లనగ్రోవి వెంట నాట్యం చేస్తాయి. ఇంద్రధనుస్సు కనిపించేటప్పుడు చేతిగంటలు మోగుతాయి. చివరి పాట పిల్లలు మొదలుపెడతారు, జనం అందుకుంటారు. అందరూ వెళ్లిపోయాక నోవహు ఒక్కడూ నిలబడి దేవుడి ఆశీర్వాదం విని, మెల్లగా నడిచి వెళ్లిపోతాడు.

కళాచరిత్రకారుడు కెన్నెత్ క్లార్క్ బాల్యంలో ఆ చర్చిలో ఎన్నో గంటలు కూర్చున్నారట. అప్పుడు ఎదురుచూసిన దైవికమైన మెరుపు తనకు చివరికి ఈ ప్రదర్శనలోనే దొరికిందన్న భావంతో ఆయన తరువాత రాసుకున్నారు. ఇక యాపెతు వేసిన కుర్రవాడు మైకేల్ క్రాఫర్డ్. 1986లో లండనులో ‘ఫాంటమ్ ఆఫ్ ది ఒపేరా’లో మొట్టమొదటి ఫాంటమ్ అతనే. మిగిలిన పిల్లల్లో చాలామంది మనలాగే ఉద్యోగాలు చేసుకుని రిటైరై ఉంటారు.

బ్రిటెన్ గారు 1976లో పోయారు. ఈ ఒపేరాను ఆ తరువాత కూడా ఎన్నో దేశాల్లో చర్చిలవారు, బడులవారు వేశారు. ఎక్కడ వేసినా పిల్లలు స్థానికులే. కప్పులూ ఆ ఊరి బజారులో కొన్నవే అయి ఉంటాయి.

మా అటెండరుగారు 1991లో రిటైరయ్యారు. వీడ్కోలు సభలో ఎవరో పద్యం అడిగారు. ఆయన నావైపు చూసి నవ్వి, హార్మోనియం వాయించే కుర్రవాడితో, ‘‘బాబూ, రెండు శ్రుతిలో పట్టు’’ అన్నాడు. ఆ శ్రుతిలో నక్షత్రకుడి పద్యాలు మూడు, ఒక్కచోట కూడా గొంతు జీరపోకుండా పాడాడు.