ఆరంగుళముల విమానము

ఈ పూట నేను చెప్పబోవు చరిత్రకు వస్తువు మిక్కిలి చిన్నది: అరచేతిలో నిలుచు ప్లాస్టిక్ విమానము. అంగడిలో ముక్కలుగా, పెట్టెలో పెట్టి అమ్ముదురు. కొన్నవారు జిగురుతో నతికి, రంగుపూసి నిలుపుకొందురు. ఇట్టి ఆటవస్తువునకు చరిత్ర యేమని పెద్దలు నవ్వవచ్చును. కాని దాని వంశమును విచారించినచో ప్రాణములతో ముడివడిన సంగతులు కొన్ని బయటపడును.

మొదట కొలత సంగతి. ఈ విమానములలో ననేకములు అసలు దానికి 72వ వంతుగా నుండును. 72 యేల? ఆరడుగులకు 72 అంగుళములు గదా! ఆరడుగుల మనిషి ఈ లెక్కలో నొక్క అంగుళమగును. మన శిల్పులు ముఖమును తాళముగా గైకొని విగ్రహమున తక్కిన అవయవములను నిర్ణయించినట్లు, ఇచట మనిషి నిలువే కొలకోల. 1932 ప్రాంతమున ఇంగ్లండులో స్కైబర్డ్స్ అను పేర ఈ ప్రమాణముతో కొయ్య విమానములు వెలువడినవి. 1936లో ఫ్రాగ్ వారు అదే ప్రమాణముతో ప్లాస్టిక్ ముక్కల పెట్టెల నమ్మజొచ్చిరి. అవి యెగురవు గనుక, ఎగురలేని పక్షియగు పెంగ్విన్ పేరు వానికి పెట్టిరి. పేరు పెట్టినవాడు రసికుడే. ఆనాటి ప్లాస్టిక్ మాత్రము మంచిది గాదు. ఏండ్లు గడచిన కొలది వంకరపోవును.

ఇంతలో యుద్ధము వచ్చెను. 1939 సెప్టెంబరు 3వ తేదీన బ్రిటన్ యుద్ధము ప్రకటించినది. మూడు దినములు గడచెను. 6వ తేదీ యుదయమున శత్రువులు వచ్చుచున్నారను తప్పుడు హెచ్చరికపై 56వ దళపు హరికేన్ విమానములు ఆకాశమున కెగసెను. వానినే శత్రువులుగా భ్రమించి, 74వ దళపు స్పిట్‌ఫైర్లు కాల్పులు సాగించెను. రెండు హరికేన్లు కూలినవి. మాంటేగ్ హల్టన్-హారప్ అను యువకుడు మరణించెను. ఆ యుద్ధమున బ్రిటిషు ఫైటరు దళములలో మొదట నేలకొరిగిన చోదకుడతడు. అతనిని గూల్చిన గుండ్లు స్వదేశపువే.

ఇది యెట్లు సంభవించెనని తొందరపడి నిందింపరాదు. హరికేను వలెనే జర్మనుల మెసర్‌ష్మిట్టు గూడ ఒంటి యంత్రముతో, దిగువ రెక్కలతో నుండును. గంటకు 300 మైళ్ల వేగమున వచ్చు విమానము అరమైలు దూరమును ఆరు క్షణములలో దాటును. ఆ ఆరు క్షణములలో తనవాడో పగవాడో తేల్చుకొనవలెను. పొలిమేరలో నెద్దు నడకను బట్టియే అది యెవరి యెద్దో చెప్పగల రైతు కంటి వంటి కన్ను కావలెను. అట్టి కన్ను పుస్తకములోని బొమ్మలతో రాదు. వస్తువును నలుదిక్కుల ద్రిప్పి చూడవలెను.

అందుచేత 1942లో అమెరికా నౌకాదళమువారు తమ దేశపు బడిపిల్లల నాశ్రయించిరి. 50 రకముల విమానములు, రకమునకు 10,000 చొప్పున, 5 లక్షల నమూనాలు కావలెననిరి. పిల్లలు కొయ్యతో చెక్కి నల్లరంగు పూసిరి. దూరమునుండి చూచునపుడు రంగు తెలియదు, ఆకారమే తెలియును, నలుపు అందులకే. కొలత మరల 72వ వంతే. అట్టి నమూనాను సుమారు 37 అడుగుల దూరమున వ్రేలాడదీసినచో, అరమైలు దూరమున నున్న అసలు విమానమెంత కానవచ్చునో అంతయే కానవచ్చును. గదిలోనే ఆకాశము! పిల్లవాడు రెక్క వంపును తప్పుగా చెక్కినచో, ఫిరంగి కడ నిలుచు సైనికుని కంటికి ఆ తప్పే అలవాటగును. ఇంత బరువైన హస్తకళ యేబడిలోను అంతకు మున్ను నేర్పి యుండరని నా తలంపు.

యుద్ధానంతరము ఈ విద్య మరల ఆటలోనికి వచ్చెను. హంగరీ దేశీయుడగు నికొలాస్ కోవ్ 1939లో స్థాపించిన ఎయిర్‌ఫిక్స్ సంస్థ గాలి బొమ్మలతో నారంభించి, దువ్వెనలుచేసి, పిమ్మట స్పిట్‌ఫైరును వెలువరించినది. వెల రెండు షిల్లింగులు. కరగిన పాలీస్టైరీనును ఉక్కు మూసలోనికి బలముగా నెట్టి చల్లార్తురు. ముక్కలన్నియు చట్రమున కంటుకొని, తీగకు కాయలవలె వచ్చును. ఆ మొదటి స్పిట్‌ఫైరు ఆకారమున లోపములుండుటచే తరువాత క్రొత్త మూస చేసిరి.

నేనును ఒక స్పిట్‌ఫైరు నతికితిని. అసలు రెక్కల పొడవు 36 అడుగుల 10 అంగుళములు; నాది ఆరంగుళములకు కొంచెము పైన. ఎంత నేర్పరియైనను తీర్పలేని చిక్కొకటి కలదు. ఈ లెక్కలో ఒక మిల్లీమీటరు మందము అసలు విమానమున 72 మిల్లీమీటర్లగును. అసలు దాని లోహపు రేకు పలుచన; ప్లాస్టిక్ రెక్క వెనుకటి అంచు ఎంత గీసినను గోడవలె మందముగా నుండును. నాకది కొంత కష్టముగనే యున్నది.

పెట్టెతో నిచ్చు అక్షరముల నీటిలో నాని అంటించునపుడు, ఏ దళపు గుర్తు వేయుదునాయని యోచించి, 152వ దళపు యు.ఎం. అక్షరములను వేసితిని. ఆ దళమునకు హైదరాబాదు దళమని పేరు. నిజాము ప్రభువిచ్చిన ద్రవ్యమునకు గుర్తుగా ఆ పేరు కలిగినది. దళచిహ్నము నిజాము తలపాగా. ప్రభువు ధనమనగా, అందులో తెలంగాణపు రైతు కట్టిన శిస్తును గలదు గదా. 1940 వేసవిలో ఈ దళము ఇంగ్లండు దక్షిణమున వార్మ్‌వెల్ నుండి జర్మను విమానముల నెదిర్చెను. 1943 చివర మన దేశమునకు వచ్చి, పిమ్మట బర్మా సీమలో జపానువారితో పోరాడెను. స్పిట్‌ఫైర్లతోనే.