ఐదు నుంచి ఆరుకు: మూడు మైళ్ళ దారి

సావనీరు కమిటీ మిత్రులు ఫోను చేసి, "ఇంజనీరుగారూ, బడి జ్ఞాపకాలు అందరూ రాస్తున్నారు. మీరు చరిత్ర రాయండి" అన్నారు. చరిత్ర రాయడానికి కాగితాలు కావాలి కదా అని మొన్న వేసవిలో మా ఊరి ప్రాథమిక పాఠశాలకు వెళ్ళాను. ప్రధానోపాధ్యాయురాలు బీరువా తీసి, అట్ట ఊడిపోయిన పాత అడ్మిషన్ రిజిస్టరు నా ముందు పెట్టారు. హైస్కూలు చరిత్ర రాయమంటే ప్రాథమిక పాఠశాల రిజిస్టరుతో ఏం పని అనుకోకండి. మనలో పల్లెల నుంచి వచ్చినవాళ్ళకు హైస్కూలు కథ ఆరో తరగతిలో మొదలు కాలేదు. ఐదో తరగతిలోనే మొదలైంది.

ముందు కాస్త పాత సంగతి. ఐదు దాకా ఒక బడి, ఆరు నుంచి వేరే బడి అన్న ఏర్పాటు మన ఊళ్ళలో ఎలా వచ్చింది? 1882లో హంటర్ కమిషన్ ప్రాథమిక విద్యను స్థానిక సంస్థల చేతిలో పెట్టాలని, పై చదువులను ఎక్కువగా గ్రాంట్ల సాయంతో ప్రైవేటు వారికి వదిలిపెట్టాలని సిఫారసు చేసింది. రెండింటికీ వేర్వేరు యజమానులు అన్న ఆలోచన అప్పటినుంచీ గట్టిపడింది. మద్రాసు ప్రెసిడెన్సీలో ఐదో తరగతి అయ్యాక హైస్కూల్లో చేరే తరగతిని ఆరు అనేవారు కాదు, ఫస్టు ఫారం అనేవారు. సిక్స్తు ఫారం చివర ఎస్సెస్సెల్సీ. ఫస్టు ఫారంలో చేరడానికి ప్రవేశ పరీక్ష రాయాలి, జీతం కట్టాలి. కట్టలేని పిల్లలకు హయ్యర్ ఎలిమెంటరీ స్కూళ్ళు ఉండేవి. అక్కడ ఎనిమిదో తరగతి చివర ఈఎస్సెల్సీ పరీక్ష పాసై, ట్రైనింగు చేసి, పల్లెల్లో పంతుళ్ళయినవారు ఎందరో. మా మాస్టారు ఆ దారిన వచ్చినవారే. హైస్కూలు గడప తొక్కని మనిషి మమ్మల్ని హైస్కూలుకు తయారు చేశారు.

1959లో పంచాయతీరాజ్ వచ్చాక ఊరి ప్రాథమిక పాఠశాలలు పంచాయతీ సమితుల కిందికి, హైస్కూళ్ళు జిల్లా పరిషత్తుల కిందికి వెళ్ళాయి. తర్వాత 1986లో సమితులు పోయి మండల పరిషత్తులు వచ్చాయి. బోర్డుల మీద పేర్లు మారాయి గానీ ఐదుకీ ఆరుకీ మధ్య గీత అలాగే ఉండిపోయింది. ఆ గీత దాటే పిల్లవాడి చేతిలో ఉండేది ఒక్క టీసీ కాగితం.

నేను ఐదో తరగతి చదివింది 1980-81లో. మాది ఒంగోలు వైపు మెట్ట ఊరు, పొగాకు ప్రధాన పంట. బడి అంటే ఒక పెద్ద పెంకుటిల్లు, ఒక వరండా, ఇద్దరు మాస్టార్లు, ఐదు తరగతులు. ఐదో తరగతి వాళ్ళం వరండా చివర కూర్చునేవాళ్ళం. ఆ ఏడుతో పలక పోయి నోటుపుస్తకం, బలపం పోయి సిరాపెన్ను వచ్చాయి. మొదటి నెలంతా చొక్కా జేబుల మీద సిరా మరకలే.

మా కాలానికి ప్రవేశ పరీక్షలు లేవు, ఐదులో ఫెయిల్ చేయడమూ లేదు. భయమంతా ఏడో తరగతి కామన్ పరీక్ష గురించే. అయినా మాస్టారు మమ్మల్ని వదల్లేదు. "హైస్కూల్లో ఒక్కో పాఠానికి ఒక్కో మాస్టారు వస్తాడు. గంట కొట్టగానే వెళ్ళిపోతాడు. నాలాగా నీకు అర్థమయ్యేదాకా కూర్చోడు" అనేవారు. సంక్రాంతి వెళ్ళాక ఐదో తరగతికి మాత్రం రాత్రి బడి పెట్టారు. ఎవరి లాంతరు వాళ్ళే తెచ్చుకోవాలి. ఇరవై ఎక్కాల దాకా అప్పజెప్పాలి. భిన్నాలు, బారువడ్డీ, ఉక్తలేఖనం, రాష్ట్ర పటంలో నదులు. అప్పట్లో ఇంగ్లీషు, హిందీ రెండూ మాకు ఆరులోనే మొదలు. రెండు కొత్త లిపులు ఒకేసారి మీద పడితే పిల్లలు బెదిరిపోతారని మాస్టారు వేసవి సెలవుల్లో సొంత డబ్బుతో నాలుగు గీతల పుస్తకాలు కొని, వేపచెట్టు కింద కూర్చోబెట్టి ఏబీసీడీలు దిద్దించారు. అది ఆయన ఉద్యోగంలో భాగం కాదు. ఎవరూ అడగలేదు కూడా.

ఆ రాత్రి బడిలో నాకు భిన్నాలు చెప్పింది మాస్టారు కాదు, మా తరగతి అమ్మాయి ఒకతె. హారం వేరువేరుగా ఉంటే కూడడం నాకు ఎంతకీ తలకెక్కేది కాదు. ఆ అమ్మాయి చింతపిక్కలు నేలమీద పరిచి కుప్పలుగా విడదీసి చూపించింది. "ముందు ముక్కలన్నీ ఒకే సైజు చెయ్యిరా, తర్వాత లెక్కపెట్టు" అంది. తర్వాత ఇంజనీరింగ్ కాలేజీలో ఎన్ని లెక్కలు చేసినా భిన్నం కనిపిస్తే ఆ చింతపిక్కలు గుర్తొచ్చేవి. తరగతిలో మొదటి మార్కు ఎప్పుడూ తనదే. నాది మూడోదో నాలుగోదో.

రిజిస్టరులో నా పేరు దొరికింది. పుట్టినతేదీ జులై 1. అది మాస్టారు నిర్ణయించిన తేదీ. కుడిచేతిని తలమీదుగా తిప్పి ఎడమచెవి అందుకోమనేవారు. అందితే ఐదేళ్ళు నిండినట్టు లెక్క. నాతోపాటు ఆ పేజీలో చాలామంది జులై 1నే పుట్టారు! ఐదులో టీసీ మీదికి ఎక్కిన ఆ తేదీయే ఎస్సెస్సీ సర్టిఫికెట్టుకు, అక్కడినుంచి నా సర్వీసు రిజిస్టరుకు వెళ్ళింది. రేపు నేను రిటైరయ్యేది కూడా మా మాస్టారు పెట్టిన ముహూర్తానికే.

నవ్వుకుంటూ ఆ వరుసలో చివరి గడి చూశాను. "బడి విడిచిన కారణం" అని ఉంది. నా పేరుకు ఎదురుగా "పై చదువుకు" అని రాసి ఉంది. రెండు వరుసల కింద ఆ అమ్మాయి పేరు. ఎదురుగా "తండ్రి కోరికపై". రెండూ మాస్టారి దస్తూరీయే, ఒకే సిరా, ఒకే రోజు.

ఐదో తరగతిలో మేం ఇరవై ముగ్గురం. "పై చదువుకు" అన్న మాట పన్నెండుగురికి ఉంది. మిగతా పదకొండు మందిలో ఏడుగురు ఆడపిల్లలు. మగపిల్లల్లో ఒకరిద్దరు పాలేర్లుగా జీతానికి కుదిరారని నాకు తెలుసు. ఆడపిల్లలు పొగాకు ఆకు కర్రలకు కట్టడానికి, గ్రేడింగుకు వెళ్ళారు. ఆ చదువు ఎందుకు ఆగిందని అప్పుడు నేను అడగలేదు. ఆరో తరగతిలో చేరిన సంబరంలో ఆ అమ్మాయి లేదన్న సంగతి నాకు తట్టిందో లేదో కూడా గుర్తులేదు. రాయడానికి సిగ్గుగా ఉన్నా అదే నిజం.

కారణం ఒకటి కాదు. హైస్కూలు మూడు మైళ్ళు. మధ్యలో వాగు. వానాకాలం నడుముల దాకా నీళ్ళు. ఊరి బడిలో మధ్యాహ్నం కేర్ సంస్థ పంపిన రవ్వతో ఉప్మా పెట్టేవారు, హైస్కూల్లో అది లేదు. పుస్తకాలు, ఖాకీ నిక్కరు, స్పెషల్ ఫీజు అంటూ జూన్ నెలలో ఖర్చు. పై తరగతి వాళ్ళ పాత పుస్తకాలు సగం ధరకు కొనుక్కున్నవాళ్ళమే మేమందరం. వీటన్నిటికీ తోడు, మనిషి చేతికొచ్చే వయసూ అదే.

నేను నీటిపారుదలలో పనిచేసేవాణ్ని. కాలువ తిన్నగా పోతున్నంతసేపు నష్టం తక్కువ. కాలువ వెడల్పు మారేచోట, అక్విడక్టులోకి దిగేచోట, అంటే మేం ట్రాన్సిషన్ అనేచోట, నష్టం ఎక్కువ. అందుకే అక్కడ గోడలు మెల్లగా వంపు తిప్పి కడతాం, లెక్క కూడా విడిగా వేస్తాం. మన చదువుల కాలువలో ఐదు-ఆరు మధ్య చోటు అలాంటిది. సమితి బడి రిజిస్టరులో "విడిచెను" అని ఉంటుంది. జిల్లా పరిషత్తు హైస్కూలు రిజిస్టరులో "చేరెను" అని ఉంటుంది. విడిచి, చేరనివారికి రిజిస్టరు లేదు. రాజ్యాంగం 45వ అధికరణం పద్నాలుగేళ్ళ దాకా పిల్లలందరికీ ఉచిత నిర్బంధ విద్య పదేళ్ళలో అందించాలని చెప్పింది. ఆ గడువు 1960లో ముగిసింది. మేం ఐదు పాసైంది 1981లో.

తర్వాత పరిస్థితి మారింది, ఒప్పుకోవాలి. 2001లో సుప్రీంకోర్టు ఆదేశం తర్వాత బడిలో వండిన భోజనం వచ్చింది, కొన్నేళ్ళకు అది పై తరగతులకూ అందింది. 2010 ఏప్రిల్ 1 నుంచి విద్యాహక్కు చట్టం అమల్లోకి వచ్చింది. ఎనిమిది దాకా చదువు హక్కయింది. మా వాగు మీద వంతెన పడింది. ఇప్పుడు మా ఊరి ఆడపిల్లలు సైకిళ్ళ మీద మన హైస్కూలుకు వస్తుంటే చూడముచ్చటగా ఉంటుంది. అయినా రిజిస్టరు చూపించిన మేడంగారు ఒక మాట చెప్పారు: "వలస వెళ్ళే కుటుంబాల పిల్లలు జూన్‌లో ఎక్కడ చేరారో మాకు తెలియదు సార్. టీసీ తీసుకోకుండానే వెళ్ళిపోతారు."

ఈ సావనీరు చివర పూర్వ విద్యార్థుల జాబితా ఉంటుందట. డాక్టర్లు, టీచర్లు, రైతులు, అమెరికాలో ఉన్నవాళ్ళు, అందరూ ఉంటారు. ఆ పదకొండు మంది ఉండరు. వాళ్ళు మన పూర్వ విద్యార్థులు కారు. అందులో ఒకరు నాకంటే మంచి ఇంజనీరు అయ్యేది.

అందుకే సంఘానికి ఒక మనవి. స్వర్ణోత్సవానికి గేటు కడదామని, విగ్రహం పెడదామని మాటలు వినిపిస్తున్నాయి. కట్టండి, నా వంతు ఇస్తాను. దానితోపాటు చుట్టుపక్కల ఊళ్ళకు ఒక్కొక్కరం బాధ్యత తీసుకుందాం. ఏప్రిల్‌లో ఆ ఊరి ఐదో తరగతి పేర్లు రాసుకుందాం. జూన్ చివర మన హైస్కూలుకు వచ్చి ఆరో తరగతి హాజరుపట్టీతో సరిచూద్దాం. పేరు కనిపించకపోతే ఆ ఇంటికి వెళ్ళి అడుగుదాం. ఖర్చేమీ లేదు, ఒక నోటుపుస్తకం, రెండు రోజుల పని. మా ఊరి పేర్లు నేను రాసుకొచ్చాను. ఈసారి ఐదులో పద్నాలుగు మంది ఉన్నారు.