కత్తి పక్కన పసుపు రాయి

1901 సెప్టెంబరులో అమెరికాలోని బోస్టన్ నగరంలో కింగ్ క్యాంప్ జిలెట్ ఒక కంపెనీ పెట్టాడు. నూరే పని లేని పల్చటి ఉక్కు బ్లేడు, మొద్దుబారితే తీసి పారేసి కొత్తది వేసుకునే రేజరు ఆ కంపెనీ సరుకు. ఈ 2026 సెప్టెంబరుతో ఆ సంగతికి 125 ఏళ్లు నిండుతాయి. బ్లేడు గొప్పతనం రాసేవాళ్లు ఎలాగూ రాస్తారు. ఆ బ్లేడు రాకతో మూలన పడ్డ వస్తువు గురించి రాయాలని నాకు ఎప్పటినుంచో ఉంది. అది మడతకత్తి కాదు. మడతకత్తికి పేరు పోలేదు, పాత సినిమాలు చూసిన ప్రతివాడికీ అది తెలుసు. నేను చెప్పబోయేది ఆ కత్తికి చివరి పదును పెట్టిన రాయి గురించి.

ఉక్కుకు చరిత్రలో పెద్ద పీటే వేశారు. మన నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో మూసల్లో కరిగించి తీసిన ఉక్కు పర్షియా దాకా వెళ్లింది. 1820ల తొలి ఏళ్లలో ఆ ఊరికి వచ్చిన వైద్యుడు, భూగర్భ శాస్త్రవేత్త హెన్రీ వాయ్సీ అక్కడి కొలిమి పనిని వివరంగా రాసిపెట్టాడు. భారతదేశం నుంచి వచ్చే ఈ రకం ఉక్కుతో లండన్ కత్తుల పనివాడు జేమ్స్ స్టోడార్ట్ రేజర్లు, శస్త్రచికిత్స పనిముట్లు చేసి, యూరప్‌లో దొరికే మేలైన ఉక్కు కన్నా ఇదే నయమని తన దుకాణం చీటీ మీదే అచ్చు వేయించుకున్నాడు. 1820లో అతను మైకేల్ ఫారడేతో కలిసి ఉక్కు మిశ్రమాల మీద పరిశోధన పత్రం కూడా వెలువరించాడు. ఇంగ్లండులో షెఫీల్డ్, జర్మనీలో సోలింగెన్, ఫ్రాన్స్‌లో తియేర్ ఊళ్ల పేర్లు రేజర్ల వల్ల కూడా లోకమంతా పాకాయి. కానీ ఎంత మేలైన ఉక్కయినా కొలిమి నుంచి వచ్చినప్పుడు గడ్డం గీయదు. మైక్రాన్‌లో సగం కూడా మందం లేని అంచు దానికి రావాలి. వందల ఏళ్లపాటు ఆ అంచు ఇచ్చింది భూమిలోంచి తవ్వి తీసిన కొన్ని అరుదైన రాళ్లే.

వాటి ప్రస్తావన చాలా పాతది. క్రీ.శ. 79లో వెసూవియస్ అగ్నిపర్వతం పేలినప్పుడు చనిపోయిన రోమన్ రచయిత ప్లీనీ, తన ప్రకృతి చరిత్ర 36వ భాగంలో సానరాళ్లకు కొంత చోటిచ్చాడు. క్రీట్ ద్వీపం రాళ్లకు నూనె కావాలట. నాక్సోస్ రాళ్లకు నీళ్లు చాలట. ఆల్ప్స్ పర్వతాలకు అవతలి నుంచి వచ్చేవీ ఉన్నాయట. ఇక క్షౌరశాలల్లో మనిషి ఉమ్మితో నూరే మెత్తని రాళ్లు వేరే రకమని, వాటిలో స్పెయిన్ నుంచి వచ్చేవి మేలైనవని రాశాడు. నీళ్ల రాయి, నూనె రాయి అనే తేడా రెండు వేల ఏళ్ల నాడే స్థిరపడిందని ఆ నాలుగు మాటల వల్ల తెలుస్తోంది. ఆ తర్వాత చాలా శతాబ్దాలపాటు రాజుల గడ్డాల గురించి రాసినవాళ్లున్నారు కానీ, ఆ గడ్డాలు గీసిన కత్తిని ఏ రాయి మీద నూరారో చెప్పినవాళ్లు అరుదు.

1769లో పారిస్ కత్తుల పనివాడు జాన్-జాక్ పెరే ఆ లోటు తీర్చాడు. తన గడ్డం తానే గీసుకోవడం నేర్పే పుస్తకం అచ్చువేశాడు. అప్పటిదాకా అది ఎక్కువగా పరాయి చేతి పని. ఆ పుస్తకం పొడవాటి శీర్షికలోనే పనిముట్లకు పదును పెట్టే రాళ్లన్నింటినీ గుర్తుపట్టే పద్ధతి చెబుతానని, కత్తి సాపు చేసుకునే తోలు ఎలా తయారు చేసుకోవాలో కూడా చెబుతానని మాట ఇచ్చాడు. రాయి తెలియనివాడికి కత్తి ఇచ్చి లాభం లేదని ఆ పనివాడికి తెలుసు. అందుకే పెరే అంటే నాకు ప్రత్యేకమైన గౌరవం.

ఇక అసలు చోటికి వెళదాం. బెల్జియం తూర్పున, ఆర్డెన్ కొండల్లో సాల్మ్ అనే చిన్న నది పారుతుంది. దాని చుట్టుపక్కల వీల్‌సాల్మ్, సాల్మ్‌షాతో, లియెర్నో, ఒత్రే అనే ఊళ్లున్నాయి. పలకరాయికి పేరుపడ్డ ప్రాంతం అది. ఆ ముదురు రంగు పలకల పొరల మధ్య, లేత పసుపు రంగులో, వెన్నలా నున్నగా ఉండే సన్నటి పొరలు అక్కడక్కడా కనిపిస్తాయి. ఆ పసుపు రాయి పేరు కొటిక్యూల్. రేజరుకు చివరి పదును పెట్టడానికి ఇంతకు మించిన రాయి లేదని యూరప్ క్షురకులు తరతరాలుగా నమ్మారు. అమెరికా దాకా ఓడల్లో వెళ్లిన రాయి ఇది.

పసుపు పొర మందం చాలాచోట్ల కొన్ని సెంటీమీటర్లే. కొన్నిచోట్ల మిల్లీమీటర్లు. పొరలు నేలకు సమాంతరంగా పడుకుని ఉండవు. కొండలు పుట్టినప్పుడు కలిగిన ఒత్తిడికి వంగి, నిట్టనిలువుగా లేచి నిలబడ్డాయి. ఆ చేతి వెడల్పు పొర కోసం గని పనివాళ్లు సొరంగాలు తవ్వుకుంటూ పోయారు. ఒక్కో పొర స్వభావం ఒక్కోలా ఉండటంతో వాటికి పేర్లు పెట్టుకున్నారు. ‘వెనెట్’ అన్నది అలాంటి ఒక పొర పేరు. ఫలానా పొర రాయి నెమ్మదిగా నూరుతుంది, ఫలానాది త్వరగా నూరుతుంది అని వాళ్లకు చేతి వేళ్లే చెప్పేవి. తవ్వి తీసినదాంట్లో ఎక్కువ భాగం పగుళ్లతో, చారలతో పనికిరాకుండా పోయేది. మిగిలినదాన్ని నీళ్లు పోస్తూ కోసి, పలకలుగా చేసి, నున్నగా అరగదీసేవారు. చదరంగా రాని ముక్కలను కూడా పారేయలేదు, వంకర అంచులతోనే తక్కువ ధరకు అమ్మారు. పసుపు రాయి పెళుసు. అందుకని కింద ముదురు పలకరాయి ముక్క అతికించేవారు. కొన్ని రాళ్లలో నీలి ఊదా రంగు రాయి, పసుపు రాయి భూమిలోనే కలిసి పుట్టి ఉంటాయి. రెండు రంగుల మధ్య గీత చూస్తే అది మనిషి అతికించిందో, భూమి అతికించిందో తెలిసిపోతుంది. రాతి దుమ్ము పీల్చి ఊపిరితిత్తులు పాడు చేసుకున్న ఆ పనివాళ్ల పేర్లు ఏ రేజరు మీదా చెక్కలేదు.

ఆ రాయికి అంత గుణం ఎక్కడిదో 1870ల దాకా సరిగా తెలియదు. తెలిసిన తీరు నాకు ఈ కథలో అన్నింటికన్నా ఇష్టమైన భాగం.

అల్ఫోన్స్ రెనార్ 1842లో బెల్జియంలో పుట్టాడు. క్రైస్తవ పూజారి కావాలని చదువుకు జర్మనీలోని మరియా లాఖ్ ఆశ్రమానికి వెళ్లాడు. అది ఎప్పుడో చల్లారిపోయిన అగ్నిపర్వతాల మధ్య, సరస్సు ఒడ్డున ఉన్న ఆశ్రమం. తత్వశాస్త్రం చదవడానికి వెళ్లిన కుర్రాడు చుట్టూ ఉన్న రాళ్ల ప్రేమలో పడ్డాడు. తిరిగొచ్చాక లూవేన్‌లో జెసూట్ల కళాశాలలో రసాయన, భూగర్భ శాస్త్రాలు చెప్పాడు. 1877లో పూజారిగా దీక్ష తీసుకున్నాడు. దాదాపు ఆ రోజుల్లోనే కొటిక్యూల్ నిర్మాణం మీద అతని గ్రంథం బెల్జియం రాజ అకాడమీకి చేరింది.

రెనార్ చేసింది వినడానికి చిన్న పనే. రాయిని కాంతి దూరిపోయేంత పల్చటి రేకుగా అరగదీసి, గాజు పలక మీద అతికించి, మైక్రోస్కోపు కింద పెట్టాడు. ఈ పద్ధతికి దారి వేసిన హెన్రీ సోర్బీది షెఫీల్డ్. ప్రపంచానికి రేజర్లు పంపిన ఊరివాడే రాతి రేకులను సూక్ష్మదర్శినిలో చూడటం నేర్పాడు, 1860లలో ఉక్కునూ అలాగే చూశాడు. ఆ కంటితో రెనార్ చూసేసరికి, పసుపు రాయి నిండా గుండ్రటి గింజలు కిక్కిరిసి కనిపించాయి. అవి గార్నెట్లు. నగల్లో పొదిగే గోమేధికం జాతి రాళ్లే ఇవి. కాకపోతే ఇవి మాంగనీసు ఉన్న స్పెసార్టిన్ అనే రకం, ఒక్కోటీ మిల్లీమీటరులో వందో వంతు అటూ ఇటూ.

పదును రహస్యమంతా అక్కడే ఉంది. గార్నెట్ ఉక్కును గీసేంత గట్టిది. కానీ దాని స్ఫటికానికి సూది మొనలు ఉండవు. చాలా ముఖాలతో బంతికి దగ్గరగా ఉంటుంది. కనుక ఉక్కును లోతుగా చీల్చదు, పైపైన పలచగా ఒలుస్తుంది. గింజలను పట్టి ఉంచేది మైకా జాతి మెత్తని ఖనిజం. అది అరుగుతూ కొత్త గింజలను పైకి వదులుతుంటుంది. నీలి రాయిలోనూ గార్నెట్లు ఉన్నాయి. వాటి సంఖ్య తక్కువ, రంగు హేమటైట్ అనే ఇనుప ఖనిజం వల్ల వచ్చింది, పని నెమ్మది. సుమారు 48 కోట్ల ఏళ్ల కిందట సముద్రం అడుగున పేరుకున్న బురద, ఆ తర్వాతి వేడికీ ఒత్తిడికీ మారి ఇలా అయింది.

తర్వాత రెనార్‌కు ఇంకో పెద్ద పని వచ్చింది. 1872 నుంచి 1876 దాకా సముద్రాలు చుట్టివచ్చిన చాలెంజర్ ఓడ లోతుల్లోంచి తెచ్చిన బురద నమూనాలను సముద్ర శాస్త్రవేత్త జాన్ మర్రేతో కలిసి పరీక్షించాడు. 1891లో వెలువడిన ఆ గ్రంథంలో సముద్రపు అడుగున దొరికే మాంగనీసు ఉండల వర్ణన ఉంది. ప్రాచీన సముద్రపు మాంగనీసు రేజరు రాయిలో గింజలైన తీరు చూసిన మనిషే, నేటి సముద్రం అడుగున పోగుపడుతున్న మాంగనీసునూ చూశాడు. అంతటి చూపు ఎంతమందికి దక్కుతుంది? 1901లో అతను చర్చిని విడిచిపెట్టాడు, రెండేళ్లకు కన్నుమూశాడు. ఆ 1901 జిలెట్ కంపెనీ పుట్టిన సంవత్సరం కూడా.

రాయి మీద కత్తి నూరడం చూసినవాళ్లు తగ్గిపోయారు కనుక అదెలాగో చెప్పాలి. రాయిని బల్లపరుపుగా ఉంచి కాసిని నీళ్లు చల్లుతారు. అదే జాతి చిన్న ముక్కతో రుద్దితే పాలలాంటి ముద్దనీరు వస్తుంది. విడివడ్డ గార్నెట్లు అందులో ఉంటాయి. కత్తి వెన్నూ అంచూ రెండూ రాయికి తగిలేలా పడుకోబెట్టి, అంచు ముందుకు ఉండేలా తోస్తారు. చివర వెన్ను మీదే దొర్లించి వెనక్కు లాగుతారు. కోణం మనిషి లెక్కపెట్టక్కర్లేదు, వెన్ను మందమే దాన్ని నిర్ణయిస్తుంది. మడతకత్తి తయారీలోని తెలివి అది. ఒత్తిడి చేతి బరువంత, ఆ తర్వాత అంతకన్నా తక్కువ. ముద్దనీరు త్వరగా కోస్తుంది కానీ, అందులో తేలే గింజలే అంచును కాస్త మొద్దుబరుస్తాయి. అందుకే మధ్యమధ్య చుక్క చుక్కగా నీళ్లు కలిపి పలచన చేస్తూ, ఆఖరికి తేట నీళ్ల మీద తోస్తారు. తర్వాత తోలు పట్టీ. దాని మీద కత్తి ఎదురుగా నడవదు, వెన్ను ముందు, అంచు వెనక. తొందరపడి అక్కడ చెయ్యి తిప్పితే రాయి మీద చేసిన పనంతా ఒక్క క్షణంలో పోతుంది.

ఇలాంటి గుణమున్న రాళ్లు మరికొన్ని చోట్లా దొరికాయి. జర్మనీలో సోనెబర్గ్ ప్రాంతపు రాళ్లు, అమెరికాలో ఆర్కాన్సా రాయి, జపాన్‌లో క్యోటో కొండల రాళ్లు. ఒక్కోదానికి ఒక్కో వ్యాసం కావాలి.

మళ్లీ జిలెట్ దగ్గరికి వద్దాం. 1903లో అతని కంపెనీ అమ్మింది 51 రేజర్లు, 168 బ్లేడ్లు. మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా సైనికుల కోసం 35 లక్షల రేజర్ల ఆర్డరు వచ్చింది. యుద్ధం నుంచి తిరిగొచ్చిన కుర్రాళ్లు మడతకత్తి జోలికి పోలేదు. పదును పెట్టే పని మనిషి చేతిలోంచి ఫ్యాక్టరీ యంత్రానికి పోయింది. అంతకు ముందే 1890లలో అచెసన్ అనే అమెరికా ఆవిష్కర్త విద్యుత్ కొలిమిలో కార్బొరండం అనే గట్టి పదార్థం చేయడంతో కృత్రిమ సానరాళ్లూ చవకగా వచ్చాయి. సాల్మ్ లోయలో గనులు ఒకటొకటిగా మూతపడ్డాయి. సోనెబర్గ్ వైపూ అంతే.

మన దగ్గర మార్పు ఆలస్యంగా వచ్చింది. ఇంటి అరుగు మీదికో వేపచెట్టు కిందికో వచ్చి కూర్చునే క్షురకుడి పొదిలో కత్తి, కత్తెర, అద్దం, నీళ్ల గిన్నెతో పాటు చిన్న నూరుడు రాయి ఉండేది. ఆ రాయి మీద నాలుగు చుక్కలు నీళ్లు వేసి నూరి, అరచేతి మీద రెండు వైపులా తిప్పి, అప్పుడు తాతల గడ్డం పట్టుకునేవాడు. చిన్నప్పుడు నేను నోరు తెరుచుకుని చూసిన పనితనం అది. ఎయిడ్స్ భయం పల్లెలకు చేరాక, ఒకరికి వాడింది ఇంకొకరికి వాడకూడదన్న ఎరుక వచ్చాక, కత్తి స్థానంలోకి సగం విరిచిన బ్లేడు పెట్టే పిడి వచ్చింది. తిరుమల కల్యాణకట్టలో తలనీలాలిచ్చే భక్తుడికి టోకెన్‌తో పాటే బ్లేడు చేతికిస్తారు. అది మంచి మార్పు, వెనక్కు వెళ్లాలని నేను కోరను.

చిత్రమేమిటంటే, ఈ పాతికేళ్లలో యూరప్, అమెరికాల్లో మడతకత్తి మళ్లీ మోజు తీరని సరదా అయింది. సాల్మ్‌షాతోలో నది ఒడ్డున కొటిక్యూల్ మ్యూజియం ఉంది. లియెర్నో దగ్గర పసుపు రాయిని మళ్లీ తవ్వి తీసి అమ్ముతున్నారు. పాత క్షౌరశాలల్లో దొరికిన అరిగిన రాళ్లకు కొత్త రాళ్లకన్నా ఎక్కువ ధర పలుకుతోంది.

మన మ్యూజియాల్లో కత్తులున్నాయి, బాకులున్నాయి, ఫిరంగులున్నాయి. క్షురకుడి పొది పూర్తిగా, రాయితో సహా, చూపించే గది నాకు ఎక్కడా కనబడలేదు. మీ ఇంట్లోనో, మీకు తెలిసిన నాయీబ్రాహ్మణ కుటుంబంలోనో తాతల నాటి పొది ఉంటే, అందులో చేతిలో ఇమిడేంత, మధ్యలో అరిగి పల్లం పడ్డ నున్నటి రాయి ఉంటే దయచేసి పారేయకండి. వంటింటి కత్తులకు వాడి గీతలు పెట్టకండి. అది ఎవరిదో, ఏ ఊరిదో, ఎక్కడ కొన్నారో ఇంటి పెద్దలను అడిగి ఒక కాగితం మీద రాసి రాయితో పాటు ఉంచండి. జిల్లా మ్యూజియం వాళ్లు అడిగితే ఇవ్వండి. అడగకపోతే మీరే వెళ్లి అడగండి.